అరకు కాఫీ దారిలో: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఉండాలి, ఎవరి దగ్గర కొనాలి

అరకు వెళ్ళేవారిలో చాలామంది బొర్రా గుహలు, గాలికొండ వ్యూపాయింట్, పద్మాపురం ఉద్యానవనం చూసి, దారిలో ఒక కాఫీ పొట్లం కొనుక్కుని చీకటి పడేసరికి విశాఖపట్నం చేరుకుంటారు. కాఫీ కోసమే వెళ్ళదలచినవారికి అటువంటి పర్యటన చాలదు. పండ్లు కోతకు వచ్చే డిసెంబరులో అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలు తిరిగి వచ్చాక, ఏ చోటు ఎంతవరకు ఉపయోగపడిందో ఇక్కడ రాస్తున్నాను. వెళ్ళిన ప్రతిచోటా నేను తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే: ఈ కాఫీకి మనం ఇచ్చే డబ్బులో పండించినవారికి చేరేదెంత, అది ఎవరి తూకం మీద చేరుతుంది?

వెళ్ళేటప్పుడు కిరండూల్ రైలు మంచిది. యాభైకి పైగా సొరంగాలు దాటుతూ సాగే ఆ ప్రయాణంలో అద్దాల బోగీ టికెట్లకు సెలవు రోజుల్లో గిరాకీ ఎక్కువ కనుక ముందుగానే కొనుక్కోవాలి. అయితే అరకు నుంచి పాడేరు వైపు తిరగడానికి రైలు లేదు. ఆర్టీసీ బస్సులు ఉన్నా, తోటల దగ్గర ఆగుతూ వెళ్ళాలంటే స్థానిక డ్రైవరుతో జీపు మాట్లాడుకోవడమే మేలు. మాకు దొరికిన డ్రైవరుకు సొంతంగా కాఫీ తోట ఉంది. తోటల గురించి ఆయన చెప్పినంత వివరంగా దారిలో ఏ బోర్డూ చెప్పలేదు.

ఘాట్ రోడ్డు పక్కనే ఉండే అనంతగిరి తోటల దగ్గర అందరూ ఆగుతారు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్ల మీదికి పాకిన మిరియాల తీగలు చూడటానికి అనువైన చోటు అది. కానీ అక్కడ అటవీ అభివృద్ధి సంస్థ తోటలే ఎక్కువని, వాటిలో గిరిజనులు కూలికి పనిచేస్తారని గుర్తుంచుకోవాలి. మన్యంలో కాఫీ విస్తీర్ణం రెండు లక్షల ఎకరాలు దాటింది. అందులో చాలా భాగం ఎకరం, రెండెకరాల రైతులదే. ఒకప్పుడు పోడు కొట్టిన కొండవాలులోనే వారు ఇప్పుడు కాఫీ పెంచుతున్నారు. ఆ తోటలు చూడాలంటే ప్రధాన రహదారి వదిలి లోపలికి వెళ్ళవలసిందే.

పాడేరు దాటాక ఒక చిన్న ఊరిలో గడిపిన సమయమే ఈ యాత్రలో అన్నిటికన్నా విలువైనదని నా అభిప్రాయం. అక్కడి మహిళా రైతు ఒకరు తమ తోటలో ఎర్రగా పండిన పండ్లను మాత్రమే ఏరి కోస్తున్నారు. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, పండు కలిసి ఉంటాయి కనుక మూడు నాలుగు దఫాలుగా కోయాలి. కొమ్మ మొత్తం ఒక్కసారే దూసేస్తే కూలి ఖర్చు తగ్గుతుంది, రుచి మాత్రం చెడుతుంది. కోసిన పండ్లను ఆ రోజే పల్పింగ్ (యంత్రంతో పైతోలు, గుజ్జు తీయడం) చేయించి, జిగురు వదిలేవరకు పులియబెట్టి, కడిగి, రోజుల తరబడి ఎండబెడితే పార్చ్‌మెంట్ గింజలు, అంటే పలుచని పొట్టుతో ఉన్న గింజలు, తయారవుతాయి. అయిదు కిలోల పండ్లకు దాదాపు కిలో పార్చ్‌మెంట్ వస్తుంది. పల్పింగ్ యంత్రం అందుబాటులో లేని రైతు పండ్లను అలాగే ఎండబెట్టి చెర్రీగా తక్కువ ధరకు అమ్ముకోవాలి, లేదా ఊరికి వచ్చిన దళారి చెప్పిన ధరకు ఆ పూటే ఇచ్చేయాలి. “ముందుగా డబ్బు తీసుకుంటే ఇక బేరం ఉండదు బాబూ, వాడి కాటాయే కాటా” అని ఆమె చెప్పినప్పుడు, న్యాయమైన వాణిజ్యం మొదలు కావలసింది కాటా దగ్గరేనని నాకు స్పష్టమైంది.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సీజనుకు ధర ప్రకటించి కొనుగోలు చేయడం వల్ల దళారి కూడా ఆ ధరను చూసి నడుచుకోవలసి వస్తోందని అక్కడి రైతులు చెప్పారు. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అండతో 2007లో ఏర్పడిన చిన్న, సన్నకారు గిరిజన రైతుల సహకార సంఘం మరో దారి పట్టింది: సేంద్రియ ధ్రువీకరణతోనూ, రైతుకు న్యాయమైన వాణిజ్యం కోసం ఇచ్చే ఫెయిర్‌ట్రేడ్ ధ్రువీకరణతోనూ తమ కాఫీని విదేశాలకు చేర్చింది. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే దుకాణం తెరుచుకుంది. 2019లో అరకులో పండే అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) లభించింది.

ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఏం చేస్తుందో కొనేవారు తెలుసుకోవాలి. 2023 నుంచి కడిగిన అరబికాకు పౌనుకు (సుమారు 454 గ్రాములకు) 1.80 డాలర్ల కనీస ధర ఉంది. సేంద్రియమైతే మరో 40 సెంట్లు కలుస్తాయి. దీనికి తోడు పౌనుకు 20 సెంట్ల ప్రీమియం సంఘానికి అందుతుంది, దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో సభ్యులే నిర్ణయించుకుంటారు. 2019లో ప్రపంచ మార్కెట్ ధర పౌనుకు డాలరు కన్నా కిందికి పడిపోయినప్పుడు ఇటువంటి కనీస ధర ఎంత అవసరమో తెలిసింది. 2025 మొదట్లో మార్కెట్ నాలుగు డాలర్లు దాటినప్పుడు ఆ కనీస ధరకు పనిలేకపోయింది. అటువంటప్పుడు మార్కెట్ ధర మీద ప్రీమియం, సేంద్రియమైతే ఆ 40 సెంట్లు మాత్రమే అదనం. పైగా ఆ కనీస ధర ఎగుమతి దశలో లెక్కకు వచ్చేదే తప్ప రైతు చేతిలో పడే మొత్తం కాదు. శుద్ధి, రవాణా, సంఘం ఖర్చులు పోయాకే మిగిలినది ఊరికి వస్తుంది. అందుకే ముద్రను నేను గౌరవిస్తాను కానీ, ముద్ర ఉంది కదా అని అడగవలసినది అడగడం మానుకోను.

బస విషయానికి వస్తే, అరకులో పర్యాటక శాఖ హరిత రిసార్టులు కుటుంబంతో వెళ్ళేవారికి సౌకర్యంగా ఉంటాయి. మేము ఒక రాత్రి దిగిన ప్రైవేటు రిసార్టులో గది బాగుంది, అద్దె ఎక్కువ. కాఫీ తోటల మధ్యనే ఉన్నా ఉదయం ఇచ్చింది చికోరీ (వేయించిన ఒక వేరు పొడి) కలిపిన పొడితో చేసిన కాఫీ. ఇది నన్ను నిజంగా బాధించింది. చుట్టూ పండే గింజను వాడుకోలేని హోటలు ఆ తోటల పేరు చెప్పుకొని అద్దె వసూలు చేయడం సరికాదు. పాడేరు దగ్గరి ఊళ్ళో ఒక ఇంట్లో ఇచ్చిన గది చిన్నదే. స్నానానికి కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్ళు, భోజనానికి సామల అన్నం, రాజ్మా కూర, పొద్దున్నే రాగి అంబలి. సెల్ సిగ్నలు అంతంతమాత్రం. డిసెంబరు చలికి మందపాటి దుప్పటి మనమే తీసుకువెళ్ళాలి. అయినా మళ్ళీ వెళితే అక్కడే ఉంటాను, ఎందుకంటే అద్దె నేరుగా తోట యజమాని చేతికే వెళుతుంది. ఆ ఇంట్లో వాళ్ళు తాగేది మాత్రం టీ; ఎండిన గింజ ప్రతిదీ అమ్మకానికే పోతుంది.

కొనుగోలుకు నేను సూచించేవి గిరిజన సహకార సంస్థ దుకాణాలు, రైతు సంఘాల పేరు స్పష్టంగా ముద్రించిన పొట్లాలు. అరకులోని కాఫీ మ్యూజియం పిల్లలకు నచ్చుతుంది, కాఫీ చాక్లెట్లు కూడా అక్కడ దొరుకుతాయి. రోడ్డు పక్క దుకాణాల్లో కొనేటప్పుడు మాత్రం చికోరీ శాతం, వేయించిన తేదీ, ఎవరు సేకరించారన్నది చదవాలి. ఇవేవీ లేని పొట్లం ఎంత చవకైనా వద్దు. పొడి కన్నా వేయించిన గింజలు కొని ఇంట్లో ఆడించుకుంటే వాసన ఎక్కువ రోజులు నిలుస్తుంది.

తోటలకు వెళ్ళేవారు ఒక జాగ్రత్త తప్పకుండా పాటించాలి. 2025లో అరకు ప్రాంతంలో కాయ తొలుచు పురుగు కనిపించింది. ఆ పురుగు కాయ లోపలే ఉండి, పండ్లతోనూ గోనె సంచులతోనూ ఒక తోట నుంచి మరో తోటకు చేరుతుంది. కాబట్టి గుర్తుగా దాచుకోవడానికైనా సరే ఒక్క పండు కూడా కోసుకురావద్దు. తోటలోకి అడుగుపెట్టే ముందు రైతును అడిగి, వారు చూపిన బాటలోనే నడవాలి.