డైవింగ్ సామగ్రి: దుకాణంలో కొనడం మేలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం మేలా?

అండమాన్‌లోనో, పుదుచ్చేరిలోనో సిలిండర్‌తో సముద్రంలోకి దిగడం నేర్పే ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేసి వచ్చిన నెల్లూరు, కావలి, ఒంగోలు యువకులు కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చిన మా తమ్ముడి స్నేహితుడు, ఒంగోలు అబ్బాయి, ఫోన్‌లో రెండు ధరలు పక్కపక్కన చూపించి అదే అడిగాడు: “అన్నా, రెగ్యులేటర్ మీదనే తొమ్మిది వేలు తేడా ఉంది గదా, ఇంక అంగడికి పోయేదెందుకు?” రెగ్యులేటర్ అంటే సిలిండర్‌లోని గాలిని పీల్చుకునేందుకు వీలుగా నోటికి అందించే పరికరం. నేను మొదటిదాన్ని ఆన్‌లైన్‌లో, రెండోదాన్ని పోయిన ఏడాది దుకాణంలో కొన్నాను. ఆ రెండు కొనుగోళ్లకూ మధ్య నాకు తెలిసివచ్చిన విషయాలను ఆ అబ్బాయికి చెప్పినదానికన్నా కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, మన జిల్లాల వారికి ‘స్థానిక దుకాణం’ అనే మాట సరిగ్గా అతకదని ఒప్పుకోవాలి. మైపాడులోనూ కొత్తపట్నంలోనూ సముద్రం కళ్లెదుటే ఉన్నా, ఇసుక అడుగు వల్లా, నదులు తెచ్చే ఒండ్రు వల్లా తీరం దగ్గరి నీరు మసకగా ఉంటుంది. అందువల్ల ఇక్కడ వినోదపు డైవింగ్ పెరగలేదు, డైవింగ్ సామగ్రి అమ్మే దుకాణమూ లేదు. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు, పుదుచ్చేరి 300 పైమాట. ఒంగోలు వారికి ఇంకో 120 కిలోమీటర్లు అదనం. కాబట్టి మనకు దుకాణం అంటే మనం ఏటా డైవ్ చేయడానికి వెళ్లే చోట ఉన్న కేంద్రమే: కొందరికి పుదుచ్చేరి, కొందరికి విశాఖలోని ఋషికొండ, కొందరికి అండమాన్‌లోని హేవ్‌లాక్ (ఇప్పటి స్వరాజ్ ద్వీప్), ఇంకొందరికి కర్ణాటకలోని నేత్రాణి దీవికి పడవలు బయలుదేరే మురుడేశ్వర్.

ధర విషయంలో ఆన్‌లైన్‌దే పైచేయి, అందులో వాదించవలసినది లేదు. పుదుచ్చేరిలోనైనా చెన్నైలోనైనా ఒక దుకాణం ఒకటి రెండు కంపెనీల సరుకే పెట్టుకుంటుంది. స్కూబాప్రో అమ్మే చోట మారెస్ దొరకదు, క్రెస్సి అమ్మే చోట ఆక్వాలంగ్ దొరకదు. ఆన్‌లైన్‌లో అన్నీ ఒకేచోట పోల్చుకోవచ్చు, నచ్చిన రంగూ సరైన కొలతా ఎంచుకోవచ్చు. అయితే విదేశీ వెబ్‌సైట్‌లో కనిపించే ధర మన గుమ్మం దగ్గరి ధర కాదు. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ కలిపితే తేడాలో చాలా భాగం కరిగిపోతుంది. పైగా కొలత సరిపోక వెనక్కి పంపాలంటే మళ్లీ రవాణా ఖర్చు మనమే పెట్టుకోవలసి వస్తుంది. దేశంలోనే ఉన్న అమ్మకందారు దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే ఈ చిక్కు చాలావరకు ఉండదు.

అయినా నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది ధర కాదు. ఏడాది గడిచాక ఈ వస్తువును విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించి ఇచ్చే మనిషి ఎవరు అన్నదే తేల్చుతుంది. మిగతా సామగ్రి విషయంలో ఈ మాటకు అంత బరువు లేకపోవచ్చు గాని, రెగ్యులేటర్ విషయంలో నేను దీన్ని అన్నిటికన్నా ముందు పెడతాను.

రెగ్యులేటర్ చేసే పనిని ఒకసారి తలచుకుంటే కారణం తెలుస్తుంది. సిలిండర్‌లో 200 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే మామూలు గాలి పీడనమంత) పీడనంతో కుక్కి ఉన్న గాలిని, సిలిండర్‌కు బిగించే ఫస్ట్ స్టేజ్ అనే భాగం, చుట్టూ ఉన్న నీటి పీడనం కన్నా సుమారు తొమ్మిది, పది బార్లు మాత్రమే ఎక్కువగా ఉండేటట్టు దించుతుంది. నోటి దగ్గరి సెకండ్ స్టేజ్ ఆ గాలిని మనం హాయిగా పీల్చుకోగలిగిన స్థాయికి తెస్తుంది. ఇంత పనినీ చేసేవి గాలి దారిని మూసే ఒక చిన్న సీటు, ఒక స్ప్రింగు, ఒక పిస్టన్ లేదా డయాఫ్రమ్, గాలి కారకుండా ఆపే కొన్ని రబ్బరు ఓ-రింగులు. వాడగా వాడగా సీటు మీద గీత పడుతుంది, ఆరిన ఉప్పు కదిలే భాగాలను పట్టేస్తుంది, ఓ-రింగు రబ్బరు గట్టిపడుతుంది. అప్పుడు మనం ఊపిరి తీసుకోని క్షణాల్లో కూడా రెండు స్టేజ్‌ల మధ్య పీడనం మెల్లమెల్లగా పెరుగుతుంది. చివరకు సెకండ్ స్టేజ్ ఆ ఒత్తిడికి నిలవలేక గాలిని దానంతటదే వదిలేయడం మొదలుపెడుతుంది. చాలా కంపెనీలు ఏడాదికోసారి లేదా 100 డైవ్‌లకోసారి, కొన్ని రెండేళ్లకోసారి సర్వీసు చేయించమని చెప్పేది ఇందుకే. ఆ సర్వీసుకు ఆ మోడల్‌కు సరిపడే విడిభాగాల కిట్ కావాలి, పీడనం కొలిచే గేజి కావాలి, ఆ కంపెనీ పనిముట్లతో శిక్షణ పొందిన చేయి కావాలి. అంకమ్మ జాతరకు సైకిల్ బాగుచేయించుకున్నట్టు దారిలో కనబడిన మెకానిక్ దగ్గర చేయించుకోదగిన పని కాదిది.

నా మొదటి రెగ్యులేటర్ పేరున్న కంపెనీదే. విదేశీ వెబ్‌సైట్ నుంచి తెప్పించుకున్నాను, తొమ్మిది నెలల పాటు ఏ లోపమూ చూపలేదు. పద్నాలుగో నెలలో, పడవ మీద సిలిండర్ తెరవగానే సెకండ్ స్టేజ్ బుస కొట్టింది. ఆ రోజు అద్దె రెగ్యులేటర్‌తో దిగి, సాయంత్రం కేంద్రంలోని టెక్నీషియన్‌కు చూపించాను. ఆయన గేజి పెట్టి చూసి, ఫస్ట్ స్టేజ్ సీటు పోయిందని ఐదు నిమిషాల్లో చెప్పారు. కాని ఆ కంపెనీ కిట్ తమ దగ్గర ఉండదనీ, వేరే కంపెనీ భాగాలు వేసి తన చేతులతో నన్ను నీటిలోకి పంపలేననీ మర్యాదగా చెప్పి తిరిగి ఇచ్చేశారు. ఆ కంపెనీ డీలర్‌ను వెతికి ఇంకో నగరానికి కొరియర్ చేస్తే, సీరియల్ నంబరు చూసి, అది వేరే దేశంలో అమ్మిన వస్తువు కాబట్టి ఇక్కడ వారంటీ వర్తించదన్నారు. కిట్ బయటి నుంచి రావలసి వచ్చింది. మూడు నెలలకు పైగా పట్టింది. ఆలోగా ఆ ఏటి అండమాన్ ప్రయాణం అద్దె సామగ్రితోనే ముగిసింది. కొరియర్, కిట్, సర్వీసు రుసుము కలిపి చూస్తే, కొన్నప్పుడు మిగిలిందనుకున్న డబ్బులో చిల్లర మాత్రమే నా చేతిలో ఉంది.

అందుకే రెండోసారి వేరే దారి పట్టాను. ముందు రెగ్యులేటర్‌ను ఎంచుకోలేదు, టెక్నీషియన్‌ను ఎంచుకున్నాను. నేను ఏటా రెండుసార్లు వెళ్లే పుదుచ్చేరిలో, కేంద్రం వారు స్వయంగా సర్వీసు చేసే కంపెనీ ఏదో కనుక్కుని, ఆ కంపెనీలో మధ్యరకం మోడల్ కొన్నాను. కొన్న రోజునే వారు నా ముందు గేజి పెట్టి రెండు స్టేజ్‌ల మధ్య పీడనం చూపించారు, గొట్టాల పొడవు నా చేతికి తగ్గట్టు మార్చారు, సెకండ్ స్టేజ్ ఎంత తేలికగా ఊపిరి ఇస్తుందో సరిచేశారు. ఎక్కువ ఇచ్చిన ఆ కొన్ని వేలు ఈ పనికి ఇచ్చిన కూలి అనుకుంటే నాకు బరువనిపించలేదు.

ఎవరైనా అంతా ఆలోచించాక కూడా రెగ్యులేటర్‌ను ఆన్‌లైన్‌లోనే కొనదలిస్తే మూడు సంగతులు చూసుకోవాలి. మొదటిది, అమ్మేవారు ఆ కంపెనీ అధికారిక డీలరేనా అన్నది. చాలా కంపెనీల వారంటీ దాని మీదే ఆధారపడి ఉంటుంది. రెండోది, దాని మీద డైవింగ్ రెగ్యులేటర్లకు యూరప్ ప్రమాణమైన ఈఎన్ 250 ముద్ర ఉందా అన్నది. మూడోది, సిలిండర్‌కు బిగించే పద్ధతి. నేను మన దేశంలో వాడిన సిలిండర్లలో ఎక్కువ భాగం యోక్ పద్ధతివే (రెగ్యులేటర్‌ను వాల్వు మీద పట్టులా బిగించేవి). కావలికి చెందిన నా మిత్రుడొకరు యూరప్ వెబ్‌సైట్ నుంచి డిన్ పద్ధతి (వాల్వు లోపలికి మరలా తిప్పి బిగించే) రెగ్యులేటర్ తెప్పించుకుని, అది బిగియక, ఆ రోజు పడవలోనే కూర్చుండిపోయారు. తర్వాత అడాప్టర్ కొన్నారు గాని, ఒక రోజు సముద్రం పోయింది.

రెగ్యులేటర్ తర్వాత నేను దుకాణానికే ఓటు వేసే వస్తువు మాస్కు. ఇక్కడ కారణం వేరు: ముఖం. తల పట్టీ వేసుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కాస్త గాలి లోపలికి పీల్చి, చేయి తీసేస్తే అది జారకుండా నిలవాలి. పది మాస్కులు ఇలా చూస్తే రెండో మూడో నిలుస్తాయి. ఎంత ఖరీదైన మాస్కైనా చెంప ఎముక దగ్గర సందు ఉంటే నీరు వస్తూనే ఉంటుంది. ఏ వెబ్‌సైట్ ఫొటో కూడా ఈ సంగతి చెప్పలేదు. మన వైపు మగవాళ్లకు ఇంకొక విషయం: మీసం ఒత్తుగా ఉంటే సిలికాన్ అంచు పెదవి పైన అతుక్కోదు, ముక్కు కింద సన్నని గీతంత మేర కత్తిరించుకోక తప్పదు. కళ్లద్దాలు వాడేవారికి పవర్ అద్దాలు అమర్చే మోడళ్లు ఉన్నాయి. దుకాణంలో రెండు మూడు అంకెలు పెట్టి చూసుకుని తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ‘డైవింగ్ మాస్కు’ అన్న పేరుతో ముఖం మొత్తం కప్పే స్నార్కెల్ మాస్కులు కూడా అమ్ముతున్నారు. అవి నీటి పైన తేలుతూ చూడడానికే తప్ప సిలిండర్‌తో లోతుకు దిగడానికి పనికిరావు, ఎందుకంటే వాటిలో ముక్కు పట్టుకుని చెవుల ఒత్తిడి సరిచేసుకునే వీలుండదు.

దుకాణం వారి మాట ఎప్పుడూ మన మేలు కోరేదే అని నేను చెప్పను. నీటిలో ఒంటిని వెచ్చగా ఉంచే వెట్‌సూట్ కొనడానికి వెళ్లినప్పుడు ఒక దుకాణంలో నాకు ఐదు మిల్లీమీటర్ల మందం ఉన్నది అంటగట్టారు. బంగాళాఖాతంలో మనం దిగే చోట నీరు చాలా నెలల్లో 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. మూడు మిల్లీమీటర్లది సరిపోతుంది. మందం పెరిగితే సూటు కుట్టిన నియోప్రీన్ రబ్బరు ఎక్కువగా తేలుస్తుంది, దాన్ని ముంచడానికి నడుముకు సీసం ఇంకా ఎక్కువ కట్టుకోవాలి. వారి దగ్గర ఉన్న సరుకు అదే కాబట్టి అదే మంచిదన్నారు. కాబట్టి దుకాణానికి వెళ్లేముందు ఏం కావాలో ఆన్‌లైన్‌లో చదువుకుని వెళ్లడం మంచిది. వెట్‌సూట్‌నూ ఫిన్లనూ ఒంటికి, పాదానికి తొడిగి చూసుకోగలిగితే దుకాణంలో, కొలత ముందే తెలిసి ఉంటే ఆన్‌లైన్‌లో కొనవచ్చు. గాలి నింపి నీటిలో తేలడం, మునగడం అదుపు చేసుకునే జాకెట్, అంటే బీసీడీ, అయితే ఏడాదికి పది పదిహేను డైవ్‌లు చేసేవారికి ఇప్పట్లో కొననక్కరలేదు.

ఆన్‌లైన్‌కు నేను నిస్సంకోచంగా ఓటు వేసేది, లోతునూ సమయాన్నీ చూసి నీటిలో ఇంకా ఎంతసేపు ఉండవచ్చో లెక్కించే డైవ్ కంప్యూటర్ విషయంలో. దానికి ముఖంతోనూ పాదంతోనూ పని లేదు, దేశం మారితే లెక్క మారదు. సుంటో, షీర్‌వాటర్, మారెస్ వంటి కంపెనీల మోడళ్లను తీరిగ్గా పోల్చి, వాడినవారు రాసినది చదివి, అధికారిక అమ్మకందారు దగ్గర కొనడమే మేలు. ఒక్కటి మాత్రం చూసుకోవాలి: బ్యాటరీ మనమే మార్చుకోగలిగినదో, ఇంట్లో చార్జి చేసుకునేదో అయి ఉండాలి. బ్యాటరీ కోసం కంపెనీకి పంపవలసిన మోడల్ కొంటే మళ్లీ నా రెగ్యులేటర్ కథే మొదలవుతుంది. టార్చి, ఉపరితలానికి గుర్తు చూపే బోయ్, దాని తాడు, సంచి వంటివి ఎక్కడ చవకైతే అక్కడ కొనవచ్చు. డెకథ్లాన్‌లో దొరికే సామగ్రిలో స్నార్కెల్, బూట్లు బాగున్నాయి. పాత సామగ్రి విషయం ఇక్కడ ఎత్తను; తెలిసినవారి దగ్గర తప్ప కొనవద్దు.

ఈ మధ్య కొందరు ఆన్‌లైన్‌లో కనిపించే అర లీటరు చిన్న సిలిండర్ల గురించి అడుగుతున్నారు, మైపాడులో వాడుకోవచ్చా అని. లెక్క వేసి చూడండి. అర లీటరు సిలిండర్‌ను 200 బార్లకు నింపితే దక్కేది 100 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది నీటి పైన ఐదు నిమిషాలు, పది మీటర్ల లోతులో రెండున్నర నిమిషాలు వస్తుంది. శిక్షణ లేనివారు అక్కడ గాలి అయిపోయి, ఊపిరి బిగబట్టి పైకి దూసుకువస్తే ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. పెద్ద సిలిండర్ సంగతి చూసినా, మన దేశంలో పీడన సిలిండర్లను తెప్పించుకోవడానికీ నింపడానికీ పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర సంస్థ) నిబంధనలు ఉన్నాయి. డైవ్ కేంద్రం సిలిండర్ ఇస్తున్నప్పుడు దాన్ని కొనే పని మనకు లేదు.

ఇక ఒక విషయం నన్ను బాధిస్తుంది. దుకాణంలో పది మాస్కులు పెట్టి చూసి, సరిపోయినదాన్ని ఫొటో తీసుకుని, బయటికి వచ్చి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవారిని నేను చూశాను. ఆ దుకాణం వెనుక గదిలోనే కంప్రెసర్ ఉంటుంది, సర్వీసు బల్ల ఉంటుంది. ఉదయం మన సిలిండర్ నిండేది అక్కడే. ఆ బల్ల మూతపడితే నెల్లూరు నుంచి మనం వెళ్లగలిగిన దూరంలో రెగ్యులేటర్ విప్పగలిగినవారు దొరకడం ఇంకా కష్టమవుతుంది.

ఒంగోలు అబ్బాయి ఇంతా విని కాసేపు ఆలోచించి, రెగ్యులేటర్ ఆర్డర్‌ను పక్కన పెట్టాడు, కంప్యూటర్‌ది మాత్రం ఉంచుకున్నాడు. మార్చిలో నా రెగ్యులేటర్‌ను సర్వీసుకు ఇవ్వడానికి పుదుచ్చేరి వెళ్తున్నాను. మాస్కులు ముఖానికి పెట్టి చూసుకోవడానికి అతను కూడా వస్తానన్నాడు.