స్కూళ్లు, కాలేజీల వాళ్లు జాగ్రత్త: ‘పవర్ సేవర్’ ప్యానెల్ కొనకండి

ప్రైవేటు స్కూళ్లు, జూనియర్ కాలేజీలు నడిపేవాళ్లు, వాటి బిల్లులు చూసే అకౌంటెంట్లు ఇది తప్పకుండా చదవండి. ‘మెయిన్ బోర్డు పక్కన ఈ ప్యానెల్ పెట్టండి, కరెంటు బిల్లు 30 శాతం తగ్గుతుంది’ అంటూ ఏజెంట్లు మళ్లీ తిరుగుతున్నారు. మా స్కూలు దాన్ని కొన్నది. డబ్బు పోయింది, బిల్లు మాత్రం తగ్గలేదు.

వాళ్లు నమ్మించే పద్ధతి చెబుతాను. చిన్న మోటారును లోడు లేకుండా తిప్పుతారు. వైరుకు క్లాంప్ మీటరు తగిలించి, ప్యానెల్ ఆన్ చేయగానే ఆంపియర్లు ఎంత పడిపోయాయో చూపిస్తారు. అక్కడ కనిపించేది నిజమే. లోపల ఉన్నది కెపాసిటర్. లైనులోంచి లాగే కరెంటులో ఎంత భాగం నిజంగా పనికి వాడుకుంటున్నామో చెప్పే లెక్కే పవర్ ఫ్యాక్టర్. అది పవర్ ఫ్యాక్టర్‌ను సరిచేస్తుంది కాబట్టి ఆంపియర్లు తగ్గుతాయి. కానీ మన ఫ్యాన్లు, లైట్లు కాల్చే యూనిట్లు అలాగే ఉంటాయి. మామూలు మీటరు లెక్కపెట్టేది ఆ యూనిట్లనే.

ఆ తర్వాత చేసింది ఇంకా దారుణం. ప్యానెల్ ఏప్రిల్‌లో బిగించారు. మే నెల బిల్లు బాగా తగ్గితే, దాన్నే చూపించి మిగతా డబ్బు వసూలు చేసుకున్నారు. వేసవి సెలవుల్లో ఏ స్కూలు బిల్లయినా తగ్గుతుంది కదా! జులై బిల్లును కిందటేడు జులైతో పోలిస్తే తేడానే లేదు. ఫోన్ చేస్తే ‘మీ వైరింగ్ పాతది’ అన్నారు. గ్యారంటీ కాగితంలో ‘30 శాతం వరకు’ అని ఉంది, కనీసం ఎంత తగ్గాలో ఎక్కడా లేదు.

మీ బిల్లు కేవీఏహెచ్ లెక్కన, అంటే పవర్ ఫ్యాక్టర్‌ను కూడా కలుపుకుని, వస్తుంటే సంగతి వేరు. అప్పుడు పవర్ ఫ్యాక్టర్ తగ్గితే నిజంగానే ఎక్కువ కట్టాలి. దానికైనా లోడు కొలిచి, పవర్ ఫ్యాక్టర్‌ను దానంతట అదే సరిచేసే, తగిన సైజు ఏపీఎఫ్‌సీ ప్యానెల్ పెట్టించాలి. మా దగ్గరికి వచ్చినవాళ్లు పాత బిల్లు కూడా అడగలేదు.

ఆ డబ్బు ఫ్యాన్ల మీద పెడితే పనికొస్తుంది. పాత సీలింగ్ ఫ్యాను దాదాపు 75 వాట్లు తీసుకుంటే, తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదిలో 200 రోజులు తిరిగితే ఒక్కో ఫ్యాను మీద 72 యూనిట్లు మిగులుతాయి. పాత రెగ్యులేటర్లు మాత్రం తీసేయించండి, వాటితో ఇవి సరిగా నడవవు.

ఎవరైనా ప్యానెల్ తెస్తే, ఒక బ్లాకుకు సబ్‌మీటరు పెట్టించండి. క్లాసులు జరిగే రోజుల్లోనే ఒక వారం ఆన్‌లో, ఒక వారం ఆఫ్‌లో ఉంచి యూనిట్లు రాసుకోండి. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. ఇప్పటికే కొన్నవాళ్లుంటే, పోయినేడు బిల్లులు, ఈ ఏడు బిల్లులు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.