ఆస్ట్రేలియన్ ఓపెన్ గ్రౌండ్ పాస్: టీకా అడిగిన ఏడాది, అడగని ఏడాది

ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ టోర్నమెంట్ గ్రౌండ్ పాస్ మీద వరుసగా రెండేళ్లు మెల్‌బోర్న్ పార్క్‌కి వెళ్లాను. 2022లో మా అబ్బాయితో, 2023లో నాతో ఒకప్పుడు పనిచేసిన ఒక అక్కతో. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్తాను: కొనండి. రెండేళ్లకీ కలిపి అయిదుకి నాలుగు స్టార్లు. ఆ నాలుగూ ఎందుకు, అయిదోది ఎందుకు ఇవ్వలేదు అనేది చెప్పాలంటే కాస్త పొడుగ్గానే రాయాలి.

ముందు పాస్ సంగతి. ప్రధాన స్టేడియం రాడ్ లేవర్ ఎరీనా లోపలికి ఇది పనికిరాదు. బయటి కోర్టులు, ప్రాక్టీస్ కోర్టులు, పెద్ద స్క్రీన్ల ముందు పచ్చిక మాత్రం మనవే. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ కూర్చోవచ్చు. 2022లో కొత్తగా తెరిచిన కియా ఎరీనాలోకి కూడా వెళ్లనిచ్చారు. 5,000 సీట్లది. కోర్టు నేలమట్టం కంటే కిందికి ఉంటుంది కాబట్టి పై వరసలో కూర్చున్నా బంతి ఎలా తిరుగుతోందో తెలుస్తుంది. ఇక బయటి కోర్టుల్లో అయితే ఆటగాళ్ల ఊపిరి చప్పుడు కూడా వినిపిస్తుంది. టీవీలో చూసిన ఆటకీ దీనికీ పోలికే లేదు.

మొదటిసారి వెళ్లింది 2022 జనవరి 17, సోమవారం, టోర్నమెంట్ మొదటి రోజు. ముందురోజు సాయంత్రమే ఫెడరల్ కోర్టులో ముగ్గురు జడ్జిలు ఏకగ్రీవంగా నోవాక్ జోకోవిచ్ పిటిషన్ కొట్టేశారు. టీకా వేసుకోకుండా వచ్చిన ఈ ప్రపంచ నంబర్ వన్ ఆటగాడి వీసాని ప్రభుత్వం రద్దు చేసింది, దాని మీద వేసిన పిటిషన్ అది. ఆ రాత్రే ఆయన విమానం ఎక్కి వెళ్లిపోయాడు. మా అబ్బాయికి అప్పటికి పందొమ్మిదేళ్లు, చిన్నప్పటి నుంచి జోకోవిచ్ అంటే ప్రాణం. విచారణ ఆన్‌లైన్‌లో లైవ్ వస్తుంటే అన్నం కూడా ముట్టకుండా చూశాడు. మర్నాడు టార్నీట్ స్టేషన్‌లో రైలెక్కినప్పటి నుంచి సదర్న్ క్రాస్‌లో దిగేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

రిచ్‌మండ్‌లో దిగి నడుస్తుంటే నోరు విప్పాడు. "అమ్మా, ఆయన వల్ల ఎవరికైనా కోవిడ్ వస్తుందని వాళ్లు నిరూపించారా?"

"లేదు నాన్నా" అన్నాను. నిజం అదే. మొదటి రద్దుని కోర్టు కొట్టేశాక రెండోసారి వీసా రద్దు చేసిన వలస శాఖ మంత్రి అలెక్స్ హాక్, జోకోవిచ్ వల్ల నేరుగా వ్యాధి అంటుకునే ప్రమాదం చాలా తక్కువ అనే అనుకుని నిర్ణయం రాశాడు. రద్దు చేయడానికి చూపించిన కారణం వేరు. ఆయన ఇక్కడ ఉంటే టీకా వద్దనేవాళ్లకి ఊతం దొరుకుతుందని. నేను టీకా నిబంధనని గట్టిగా సమర్థించే మనిషిని. అయినా ఆ కారణం చదివినప్పుడు నాకు నచ్చలేదు. నిబంధన ప్రకారం రాకూడదు అంటే సరే, ఒప్పుకుంటాం. నిన్ను చూసి పక్కవాళ్లు పాడవుతారు అంటే దానికి మనిషి ఏమని జవాబు చెప్పుకుంటాడు?

గేటు దగ్గర మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను మొదటి రెండు స్టార్లు ఇచ్చింది ఆ గేటుకే. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వపు సర్వీస్ విక్టోరియా యాప్‌లో టీకా సర్టిఫికెట్ తెరిస్తే ఆకుపచ్చ టిక్ వచ్చేది. అది చూశాకే టికెట్ స్కాన్ చేసేవారు. మాకు ముందున్న పెద్దాయనకి ఫోన్‌లో సర్టిఫికెట్ తెరవడం రాలేదు. గేటు దగ్గరి అమ్మాయి ఏమాత్రం విసుక్కోకుండా పక్కన నిలబడి తెరిపించింది. తినేటప్పుడు, తాగేటప్పుడు తప్ప మాస్క్ తీయకూడదన్నారు. ఆ వారం టికెట్ల అమ్మకం 50 శాతం దగ్గర ఆపేశారు కాబట్టి లోపల ఎక్కడా తోసుకోవడం లేదు. లోపలికి వచ్చిన ప్రతి ప్రేక్షకుడికీ అదే రూలు, ముందే తెలిసిన రూలు, మినహాయింపు కోసం బతిమాలుకోవడం కనిపించలేదు. 262 రోజులు లాక్‌డౌన్‌లో గడిపిన ఊరు మాది. పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో అన్న టెన్షన్ లేకుండా ఆ రోజంతా కూర్చోగలిగాను. అది నాకు చాలా పెద్ద విషయం.

నేను వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేస్తాను. మాకు అప్పుడు పెట్టిన టీకా గడువు 2021 సెప్టెంబర్ 17. ఆ తేదీకి కనీసం మొదటి డోసు వేసుకోకపోతే పనిలోకి రానివ్వమన్నారు. నాకది అన్యాయంగా అనిపించలేదు. తొంభై ఏళ్ల మనిషికి నోట్లో ముద్ద పెట్టే చేతులు మావి. మా నుంచి వాళ్లకి అంటితే వాళ్లలో ఎంతమంది లేచి కూర్చోగలరో మాకు తెలుసు.

కానీ మాతో పనిచేసే విజయనగరం అక్క వేసుకోలేదు. ఆవిడ పిల్లల కోసం అయిదేళ్లుగా చికిత్స తీసుకుంటోంది. టీకాతో అది చెడిపోతుందని ఎవరో వాట్సాప్‌లో పెట్టింది చదివి భయపడిపోయింది. అలాంటిదేమీ లేదని నేను చెప్పాను, ఆవిడ డాక్టరూ చెప్పింది. భయం పోవడానికి టైమ్ కావాలి కదా. గడువు వచ్చేసింది, ఆవిడ ఉద్యోగం పోయింది. ఏడేళ్ల సర్వీసు.

అందుకే ఆటగాళ్ల వ్యవహారం నేను టెన్నిస్ వార్తలా చదవలేకపోయాను. టీకా నుంచి మినహాయింపు కోసం 26 మంది దరఖాస్తు పెట్టారట, కొద్దిమందికే ఇచ్చారట. రెండు వైద్య బృందాలు పరిశీలించాయి, ఒకటి టోర్నమెంట్ నడిపే టెన్నిస్ ఆస్ట్రేలియాది, ఇంకొకటి విక్టోరియా ప్రభుత్వానిది. డిసెంబర్ 16న కోవిడ్ వచ్చిందని జోకోవిచ్ చూపించాడు. గత 6 నెలల్లో వచ్చి తగ్గిందంటే చాలని విక్టోరియా ఒప్పుకుంది. దేశ సరిహద్దు చూసుకునే కేంద్ర ప్రభుత్వం మాత్రం అదొక్కటే చాలదని నవంబర్‌లోనే టెన్నిస్ ఆస్ట్రేలియాకి ఉత్తరం రాసింది. ఒక తలుపుకి ఇద్దరు కాపలాదారులు, ఇద్దరి దగ్గరా వేరే వేరే రూలు కాగితాలు. దీనివల్ల ఎక్కువ నష్టపోయింది చెక్ డబుల్స్ క్రీడాకారిణి రెనాటా వొరాచోవా అని నా అభిప్రాయం. అలాంటి మినహాయింపుతోనే ఆవిడని లోపలికి రానిచ్చారు. మెల్‌బోర్న్‌లో ఒక మ్యాచ్ ఆడనిచ్చారు కూడా. ఆ తర్వాత పిలిచి వీసా రద్దు చేశారు. ఆవిడ కోర్టుకి వెళ్లకుండా ఇంటికి వెళ్లిపోయింది. ఆవిడ గురించి ఎవరూ ధర్నా చేయలేదు.

జోకోవిచ్ తప్పులు కూడా దాచను, మా అబ్బాయికీ అదే చెప్పాను. కోవిడ్ వచ్చిందని తెలిసి కూడా డిసెంబర్ 18న ఒక పత్రికకి ఇంటర్వ్యూ ఇచ్చాడు, ఫొటోలు దిగాడు. ప్రయాణ పత్రంలో అంతకుముందు 14 రోజుల్లో ఎక్కడికీ వెళ్లలేదని తప్పుగా నింపారు. అది తన ఏజెంట్ పొరపాటు అన్నాడు. రెండూ ఆయనే ఒప్పుకున్నాడు. ఆ ఇంటర్వ్యూ సంగతి నేను క్షమించలేను. మా హోంలో ఎవరైనా పాజిటివ్ వచ్చాక డ్యూటీకి వస్తే ఏమంటామో అదే అంటాను.

అధికారుల తప్పు కూడా ఉంది. జనవరి 5 రాత్రి దిగిన జోకోవిచ్‌ని ఎయిర్‌పోర్టులో రాత్రంతా కూర్చోబెట్టి, తన వాళ్లతో మాట్లాడుకోవడానికి ఉదయం 8:30 దాకా టైమ్ ఇస్తామని చెప్పి, 7:42కే వీసా రద్దు చేశారు. జనవరి 10న జడ్జి ఆంథోనీ కెల్లీ ఆ రద్దుని కొట్టేసింది ఇందుకే. ఆ నాలుగు రోజులూ ఆయన్ని ఉంచిన కార్ల్‌టన్‌లోని పార్క్ హోటల్‌లోనే, ఏళ్ల తరబడి నిర్బంధంలో ఉన్న శరణార్థులు కూడా ఉన్నారు. ఆ సంగతి నాకు మా అబ్బాయి చెప్పేదాకా తెలియదు. ఈ ఊళ్లో ఉంటూ తెలుసుకోనందుకు సిగ్గుపడ్డాను.

ఆ రోజు నేను చూసిన మ్యాచ్‌ల్లో ఒకటే గుర్తుండిపోయింది. జోకోవిచ్ ఆ రాత్రి రాడ్ లేవర్‌లో మియోమిర్ కెచ్‌మనోవిచ్‌తో ఆడాల్సింది. ఆయన స్థానంలో సాల్వటోర్ కరూసో అనే ఇటలీ ఆటగాడు వచ్చాడు. ర్యాంకు 150. క్వాలిఫయింగ్‌లో ఓడిపోయి, ఎవరైనా తప్పుకుంటే పిలుస్తారేమో అని ఎదురుచూసే వరసలో ఉన్నవాడు. మ్యాచ్‌ని బయటి కోర్టుకి మార్చారు కాబట్టి గ్రౌండ్ పాస్ ఉన్న మాకు దొరికింది. కరూసో మూడు సెట్లలోనే ఓడిపోయాడు. కానీ ఒక్క పాయింటు కూడా వదిలేసినట్టు ఆడలేదు. ఆ రోజుల్లో మొదటి 100 మంది పురుష ఆటగాళ్లలో 97 శాతం టీకా వేసుకున్నారని పురుషుల టెన్నిస్ సంఘం ఏటీపీ చెప్పింది. ఆ 97 శాతం మంది గురించి ఎవరూ చర్చలు పెట్టలేదు. వాళ్లలో కూడా భయపడినవాళ్లు ఉండే ఉంటారు. ఒంటి మీదే బతికే వృత్తి, జ్వరం వచ్చి రెండు వారాలు పోతే ర్యాంకు పోతుంది. అయినా వేసుకుని వచ్చారు. ఇది చెప్తే మా అబ్బాయి కాసేపు ఊరుకుని, "నువ్వు చెప్పింది నిజమే, కానీ నాకు బాధగానే ఉంది" అన్నాడు. ఉంటుంది మరి.

తిండి గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఖరీదు ఎక్కువ, శాకాహారులకి ఎంపిక తక్కువ. ఒక స్టాల్‌లో చల్లారిపోయిన చిప్స్ ఇచ్చారు. ఇంటి నుంచి పులిహోర, నీళ్ల సీసా తీసుకెళ్లడం మంచిది. టోపీ మర్చిపోవద్దు, బయటి కోర్టుల్లో చాలాచోట్ల నీడ ఉండదు.

ఇక 2023. ఆస్ట్రేలియాకి వచ్చేవాళ్లు టీకా వివరాలు చూపించాలన్న నిబంధన 2022 జూలైలోనే తీసేశారు. వీసా రద్దుతో పాటు వచ్చిన మూడేళ్ల నిషేధాన్ని నవంబర్‌లో పక్కన పెట్టి జోకోవిచ్‌కి వీసా ఇచ్చారు. ఈసారి టోర్నమెంట్‌లో పాజిటివ్ వచ్చిన ఆటగాడు కూడా ఆడవచ్చన్నారు. ఏడాదిలో ఇంత మార్పు. వ్యాధి మారింది, జనంలో రక్షణ పెరిగింది, రూలు మారడం సబబే. కాకపోతే ఎందుకు మార్చారో నిబంధన పెట్టినప్పుడు చెప్పినంత గట్టిగా ఎవరూ చెప్పలేదు.

ఈసారి విజయనగరం అక్కని నేనే పిలిచాను. ఆవిడ 2022 మార్చిలో నోవావాక్స్ అనే టీకా వేసుకుంది. అది ఇక్కడికి వచ్చిందే ఆ ఫిబ్రవరిలో. ఇప్పుడు ఒక సూపర్‌మార్కెట్‌లో రాత్రి షిఫ్ట్ చేస్తోంది. జనవరి 21, శనివారం. జనం కిటకిటలాడుతున్నారు, కియా ఎరీనాలో సీటుకి ముప్పావు గంట లైన్లో నిలబడ్డాం. గేటు దగ్గర అక్క ఫోన్‌లో సర్టిఫికెట్ తెరిచి పట్టుకుని నిలబడింది. "అది అక్కర్లేదమ్మా, టికెట్ చాలు" అన్నట్టు వాలంటీర్ నవ్వి చెయ్యి ఊపాడు. ఆవిడ ఫోన్ బ్యాగులో పెట్టుకోలేదు. చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది.

సాయంత్రం పచ్చిక మీద కూర్చుని పెద్ద స్క్రీన్‌లో జోకోవిచ్, దిమిత్రోవ్ మ్యాచ్ చూశాం. ఎడమ తొడకి పట్టీ వేసుకుని ఆడుతున్నాడు. వారం తర్వాత కప్పు కూడా గెలిచాడు, ఇక్కడ పదోసారి.

"ఈయన్ని మూడేళ్లు రానివ్వం అన్నారు కదా?" అంది అక్క.

"నవంబర్‌లో ఎత్తేశారు."

"దానికి ఎవరికి రాసుకోవాలి?"

మంత్రికి, వీసా కాబట్టి, అన్నాను. ఆవిడ అడుగుతున్నది వీసా సంగతి కాదని నాకు ఒక నిమిషం తర్వాత తెలిసింది.

రెండో సెట్ మధ్యలోనే లేచాం, ఆఖరి రైళ్ల టైమ్ చూసుకోవాలి కాబట్టి. సదర్న్ క్రాస్‌లో రైలెక్కాక ఆవిడ ఫోన్ నాకిచ్చింది, పాత మేనేజరుకి ఈమెయిల్ రాసిపెట్టమని. టీకా తేదీలు, ఏడేళ్ల సర్వీసు, ఏ షిఫ్ట్ అయినా చేస్తానన్న మాట. "బతిమాలినట్టు రాయొద్దమ్మా" అంది. రెండుసార్లు తిరగరాశాం. డీర్ పార్క్ దాటకముందే పంపేశాం. ఈ రివ్యూ రాసేనాటికి జవాబు రాలేదు.