అంతరిక్ష టెలిస్కోప్‌కు కొత్త పరికరం: కెమెరా, స్పెక్ట్రోగ్రాఫ్, కరోనాగ్రాఫ్‌లలో ఏది మేలు?

అంతరిక్ష టెలిస్కోప్ అనగానే అందరి చూపూ అద్దం మీదకే పోతుంది. కాని అద్దం వెలుగును ఒకచోటికి చేర్చి ఊరుకుంటుంది. ఆ వెలుగులోంచి విషయాన్ని రాబట్టేది దాని వెనక బిగించిన పరికరం. 1990లో కక్ష్యలోకి వెళ్ళిన హబుల్ అప్పటి 2.4 మీటర్ల అద్దంతోనే ఇప్పటికీ కొత్త సంగతులు చెబుతోందంటే, 1993 నుంచి 2009 వరకు వ్యోమగాములు ఐదు విడతలుగా వెళ్ళి దాని పరికరాలను మార్చడం, బాగుచేయడం అందుకు ముఖ్య కారణం. హైదరాబాద్‌లో ఖగోళశాస్త్రం, భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్ చదువుకున్నవారు కొందరు కలిసి రాబోయే టెలిస్కోప్ కోసం ఒక పరికరాన్ని ప్రతిపాదించదలిస్తే వారి ముందు ప్రధానంగా మూడు దారులుంటాయి: విశాల క్షేత్ర కెమెరా, వెలుగును వర్ణపటంగా విడదీస్తూ ఒకేసారి అనేక వస్తువులను పరిశీలించే స్పెక్ట్రోగ్రాఫ్, నక్షత్రపు వెలుగును అడ్డగించి గ్రహాన్ని చూపే కరోనాగ్రాఫ్. అతినీలలోహిత కిరణాల్లో పనిచేసే స్పెక్ట్రోగ్రాఫే మేలని నా నిశ్చితాభిప్రాయం.

అతినీలలోహితమే ఎందుకంటే, దాదాపు 300 నానోమీటర్ల కంటే పొట్టి తరంగాలను వాతావరణంలోని ఓజోన్ నేలకు చేరనివ్వదు. చిలీలోనైనా లద్దాఖ్‌లోనైనా ఎంత పెద్ద టెలిస్కోప్ కట్టినా ఆ లోటు తీరదు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ చూపు 0.6 మైక్రాన్ల (600 నానోమీటర్ల) దగ్గర మొదలై పరారుణం వైపు సాగుతుంది గనుక దానికీ ఈ పని చేతకాదు. ఇన్నాళ్ళూ ఈ భారం మోసిన హబుల్ 2024 జూన్ నుంచి టెలిస్కోప్ ఎటు తిరుగుతోందో పసిగట్టే గైరోస్కోప్ ఒక్కదానితోనే నడుస్తోంది. 2015లో మనం పంపిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోప్ యూవిట్ మంచి సేవ చేసింది గాని, దాని సమీప అతినీలలోహిత విభాగం 2018లో ఆగిపోయింది. ఈ ఖాళీ పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు.

కెమెరా పక్షాన బలమైన వాదనే ఉంది. యూవిట్‌లోని జంట టెలిస్కోపుల వ్యాసం 38 సెంటీమీటర్లే అయినా, 28 ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌నిమిషం) క్షేత్రాన్ని సుమారు ఒకటిన్నర ఆర్క్‌సెకండ్ల (ఆర్క్‌నిమిషంలో అరవయ్యో వంతు ఒక ఆర్క్‌సెకండ్) స్పష్టతతో చూపగలిగింది. అంటే ఈ విద్య మన చేతిలో ఉన్నదే. హైదరాబాద్‌కు ఇందులో పాత వారసత్వం కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పట్టిక పథకంలో చేరి, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఆకాశాన్ని గాజు ఫలకాల మీద చిత్రించి, ఒక్కొక్క నక్షత్రం స్థానాన్నీ కొలిచి సంపుటాలుగా అచ్చువేసింది. ఆకాశాన్ని ఓపికగా చిత్రించిపెడితే తర్వాతి తరాలు దాన్ని ఎన్ని విధాలుగానైనా వాడుకుంటాయన్న మాట ఈ నగరానికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

అయినా నేను కెమెరాను రెండో స్థానంలోనే ఉంచుతాను. ఇజ్రాయెల్ తలపెట్టిన అల్ట్రాశాట్ ఒక్క చూపులో దాదాపు 200 చదరపు డిగ్రీలను చూస్తుంది. నాసా 2024లో ఎంపిక చేసిన యూవెక్స్ 2030 ప్రాంతంలో ఆకాశమంతటినీ అతినీలలోహితంలో సర్వే చేయాలని సంకల్పించింది. ఇవి వచ్చాక మరో మధ్యతరహా కెమెరా అదనంగా చెప్పగలిగేది తక్కువ. పైగా వస్తువు ఎక్కడుందో, ఎంత ప్రకాశంగా ఉందో చిత్రం చెబుతుంది గాని, అందులో ఏ మూలకాలున్నాయో, అది ఎంత వేగంతో కదులుతోందో తేల్చాలంటే వెలుగును వర్ణపటంగా విడదీయక తప్పదు. యూవెక్స్‌లోనూ స్పెక్ట్రోగ్రాఫ్ ఉంటుంది, అయితే అది పొడవాటి ఒకే చీలిక గుండా వెలుగును తీసుకునే రకం, క్షేత్రమంతటా చెదిరి ఉన్న అనేక వస్తువులను ఒకేసారి పట్టేది కాదు.

వర్ణపటంలో ప్రతి మూలకానికీ తనవైన రేఖలుంటాయి. హైడ్రోజన్ ప్రధాన రేఖ లైమన్ ఆల్ఫా 121.6 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. కార్బన్, ఆక్సిజన్, సిలికాన్ అయాన్ల ముఖ్య రేఖలూ అతినీలలోహితంలోనే ఉన్నాయి. 2009లో హబుల్‌లో అమర్చిన కాస్మిక్ ఆరిజిన్స్ స్పెక్ట్రోగ్రాఫ్ వీటి ఆధారంగానే గెలాక్సీల చుట్టూ కంటికి కనబడకుండా పరచుకున్న వాయువును వెలికితీసింది. అయితే అది ఒకసారికి ఒక్క వస్తువునే చూడగలదు. ఒకే క్షేత్రంలోని అనేక గెలాక్సీలను ఒకే ఎక్స్‌పోజర్‌లో పట్టగలిగితే, ఇప్పుడు ఏళ్ళు పట్టే పని వారాల్లోకి వస్తుంది.

ఇందుకు దారి వెబ్ టెలిస్కోప్‌లోని నిర్‌స్పెక్ అనే పరారుణ స్పెక్ట్రోగ్రాఫ్ చూపింది. దానిలో ఎంచుకున్న వస్తువుల వెలుగును మాత్రమే లోపలికి వదిలే సూక్ష్మ కవాటాలు దాదాపు రెండున్నర లక్షలున్నాయి. ఒక్కొక్కటి సుమారు 0.1 మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఒక అయస్కాంతం వాటి మీదుగా సాగుతూ అన్నిటినీ తెరుస్తుంది. కావలసినవాటిని విద్యుత్ వోల్టేజీ తెరిచి ఉంచుతుంది, మిగిలినవి మూసుకుంటాయి. కొన్ని ఇరుక్కుపోయి తెరుచుకోవు, కొన్నిచోట్ల షార్ట్‌సర్క్యూట్ అవుతుంది. రెండో మార్గం సినిమా ప్రొజెక్టర్లలో వాడే సూక్ష్మ దర్పణాల చిప్. అది సులువుగా దొరుకుతుంది గాని, దాని మీది గాజు కిటికీ అతినీలలోహితాన్ని మింగేస్తుంది గనుక దాన్ని తీసి మెగ్నీషియం ఫ్లోరైడ్ పలక అమర్చాలి.

స్పెక్ట్రోగ్రాఫ్ బలహీనతలను ప్రతిపాదనలో దాచకూడదు. అతినీలలోహితంలో ప్రతి పరావర్తనం వద్దా వెలుగు తరుగుతుంది. ఒక్కొక్క ఉపరితలం 80 శాతం వెలుగును పంపుతుందనుకుంటే ఐదు ఉపరితలాలు దాటేసరికి మిగిలేది 33 శాతమే. అద్దాల మీద నూనె అణువుల పలుచని పొర పడినా నష్టం తీవ్రంగా ఉంటుంది కాబట్టి, పరికరాన్ని కూర్చే గదిలో వాడే జిగురు మొదలు తొడుగుల దాకా ప్రతిదీ పరీక్షించాలి. వెలుగును నమోదు చేసే డిటెక్టర్ అరుగుదల మరో చిక్కు. భూమి పై వాతావరణంలోని హైడ్రోజన్ వెదజల్లే లైమన్ ఆల్ఫా కాంతి హబుల్ స్పెక్ట్రోగ్రాఫ్ డిటెక్టర్ మీద ఎప్పుడూ ఒకేచోట పడి అక్కడి సున్నితత్వాన్ని హరించివేసింది. అందువల్ల కొన్నేళ్ళకొకసారి వర్ణపటాన్ని డిటెక్టర్ మీద కొత్త చోటికి జరుపుతూ వస్తున్నారు. మన ప్రతిపాదనలో ఇలా జరిపే ఏర్పాటు మొదటి నుంచే ఉండాలి.

కరోనాగ్రాఫ్ లక్ష్యం మూడింటిలోకీ గొప్పది, అందులో సందేహం లేదు. కాని సూర్యుని వంటి నక్షత్రం భూమి వంటి గ్రహం కంటే దృశ్యకాంతిలో సుమారు వెయ్యి కోట్ల రెట్లు ప్రకాశవంతం. మన సూర్య పరిశోధక నౌక ఆదిత్య ఎల్1లోని కరోనాగ్రాఫ్ మనకు విలువైన అనుభవాన్నిచ్చినా, అది చూసే కరోనా, అంటే సూర్యుని బయటి వాతావరణం, సూర్యబింబం కంటే పది లక్షల రెట్లు మాత్రమే మసకగా ఉంటుంది. ఈ రెండు సమస్యల స్థాయికి పొంతన లేదు. నాసా రోమన్ టెలిస్కోప్‌లో కూడా కరోనాగ్రాఫ్‌ను సాంకేతిక ప్రదర్శనగానే పెట్టారు. ఈ పరికరానికి తగినట్టు టెలిస్కోప్ మొత్తాన్నీ రూపొందించాలి తప్ప, సిద్ధమైన టెలిస్కోప్‌కు దీన్ని తెచ్చి తగిలించలేము. కాబట్టి చిన్న బృందం దీనికి నాయకత్వం వహించబోకుండా, అద్దం ఆకృతిని దిద్దే నియంత్రణ సాఫ్ట్‌వేర్ వంటి ఒక భాగాన్ని చేపట్టడం సమంజసం.

హైదరాబాద్‌లో ఉన్నవారికి స్పెక్ట్రోగ్రాఫ్ విషయంలో ఒక ప్రత్యేక సౌలభ్యం ఉంది. ఎంపిక సంఘాలు పరికరం ఎంత పరిణతి చెందిందని తప్పక అడుగుతాయి. టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం ఈ నగరంలోనే ఉంది. పరారుణ, ఎక్స్‌రే పరికరాలను అది దశాబ్దాలుగా స్ట్రాటోస్ఫియర్‌కు పంపుతోంది. బెలూన్లు చేరే ఎత్తులో 200 నానోమీటర్ల చుట్టుపక్కల అతినీలలోహితాన్ని రానిచ్చే ఒక సన్నని గవాక్షం తెరుచుకుంటుంది. అమెరికాలో 2018లో ఎగిరిన ఫైర్‌బాల్-2 సరిగ్గా ఆ గవాక్షంలోనే బహుళ వస్తు స్పెక్ట్రోగ్రాఫ్‌ను పరీక్షించింది. బెలూన్ చిల్లుపడి త్వరగా కిందికి దిగినా పరికరం పని చూడగలిగారు. పారాచూట్‌తో దిగిన పరికరాన్ని తెచ్చి, విప్పి చూసి, సరిదిద్ది మళ్ళీ పంపే వీలు బెలూన్‌కు ఉంది, ఉపగ్రహానికి లేదు.

అద్దం అర మీటరు లోపే అయితే వెలుగు చాలదు గనుక నేను కెమెరానే ఎంచుకుంటాను. ఒక మీటరు దాటితే స్పెక్ట్రోగ్రాఫ్. భూమి వంటి గ్రహాలను వెతికేందుకు నాసా యోచనలో ఉన్న పెద్ద టెలిస్కోప్ హ్యాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ స్థాయికి వెళ్తే, అక్కడ అతినీలలోహిత స్పెక్ట్రోగ్రాఫ్ ఆలోచన ఇప్పటికే ఉంది కాబట్టి, డిటెక్టర్‌నో కవాటాల పలకనో మన వాటాగా అడగడం మంచిది. వ్యోమగాములు వెళ్ళలేని కక్ష్య అయితే మరో జాగ్రత్త కావాలి. హబుల్‌లోని నిక్‌మాస్ అనే పరారుణ పరికరాన్ని చల్లగా ఉంచే ఘన నైట్రోజన్ అనుకున్నదానికంటే ముందే, 1999లో అయిపోతే, 2002లో వ్యోమగాములు శీతలీకరణ యంత్రం అమర్చి దాన్ని బతికించారు. మనకు ఆ అవకాశం ఉండదు. పావు వంతు కవాటాలు ఇరుక్కుపోయినా ఏ గెలాక్సీల పరిశీలన నెరవేరుతుందో, అందుకు ఎన్ని అదనపు గంటలు పడతాయో ప్రతిపాదనలోనే లెక్కకట్టి చూపాలి.