ఏడాదంతా ఒక్క ఫిఫ్టీతోనే

కిందటేడు సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఈ 50 ఎం.ఎం. లెన్సు కొన్నాను, దీనికి జూమ్ లేదు. వాడినదే, 5,500 రూపాయలు పడింది. అప్పటిదాకా కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సు, తర్వాత కొనుక్కున్న 55-250 జూమ్, ఈ రెండిటితోనే నెట్టుకొచ్చాను. భోగి నాడు తెల్లవారుజామున దీన్ని తగిలించుకుని వీధిలోకి వెళ్లాను. ఏడాది పాటు విప్పకూడదని అప్పుడేమీ ఒట్టు పెట్టుకోలేదు. ఇంటికొచ్చి మంట ఫొటోలు చూసుకున్నాక పెట్టుకున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. 50 ఎం.ఎం., ఎఫ్ 1.8 లెన్సు దాదాపు అన్ని కెమెరా కంపెనీలకూ ఉంది. ఎఫ్ అంటే లెన్సు లోపలి రంధ్రం, అదే ఎపర్చర్, ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె; అది తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ. వాటిలో చాలావాటికి మూలం 1896లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో పాల్ రుడాల్ఫ్ వేసిన ప్లానార్ డిజైనే. బాగా అరిగిన దారి కాబట్టే ఇంత చవగ్గా చేయగలుగుతున్నారు. నా కెమెరా చిన్న సెన్సర్ ఉన్న పాత డీఎస్ఎల్ఆర్, 24 మెగాపిక్సెల్. దాని మీద ఈ 50 దాదాపు 80లా కనిపిస్తుంది, అంటే అన్నీ ఇంకా దగ్గరగా కనిపించి ఫొటోలో తక్కువ మేర పడుతుంది. ఈ 80 సంగతి కొనేముందు నాకెవరూ సరిగ్గా చెప్పలేదు, అందుకే ముందే చెబుతున్నాను.

భోగి మంట దగ్గర ఏమైందంటే, నా కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్ 5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ 1.8 అంటే దానికి దాదాపు పది రెట్ల వెలుతురు. ఏటా వెలుతురు చాలక ఐఎస్ఓ, అంటే కెమెరా సున్నితత్వం, 12800 పెట్టి ఇసక చల్లినట్టుండే ఫొటోలు తీసేవాణ్ణి. ఈసారి 1600కే పిడకల దండ పట్టుకున్న పిల్లల మొహాల మీద మంట రంగు ఉన్నదున్నట్టు పడింది. కాకపోతే చుట్టూ చీకటి చూసి కెమెరా కంగారుపడి మంటని తెల్లగా కాల్చేస్తుంది, వెలుతురు ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించుకోవాలి.

ఆ సాయంత్రమే ఎదురుదెబ్బ కూడా తగిలింది. మేనల్లుడికి భోగిపళ్లు పోస్తున్నారు. రేగిపళ్లు గాల్లో ఉండగా పట్టాలని షట్టర్ సెకనులో 1/500 వంతు పెట్టాను. ప్రతి ఫొటోలోనూ అడ్డంగా నల్లటి, పచ్చటి పట్టీలు. లెన్సు పోయిందనుకుని చెమటలు పట్టాయి. తీరా చూస్తే తప్పు హాల్లో ఉన్న ఎల్ఈడీ దీపాలది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక దీపాలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, వేగంగా కొడితే ఆ మినుకు ఫొటోలోకి వచ్చేస్తుంది. 1/100 పెడితే పట్టీలు పోయాయి, పళ్లు గీతలైపోయాయి. ఈ ఏడాది మా అక్కని బతిమాలి, పొద్దు ఉండగానే వరండాలో పీట వేయించాను.

ఇక ఎఫ్ 1.8 మోజు. నాకు రెండు నెలలు పట్టింది వదలడానికి. ఒక మీటరు దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది మొత్తం రెండున్నర సెంటీమీటర్ల మందం. మనిషి కొంచెం పక్కకి తిరిగితే దగ్గరి కన్ను ఉంటుంది, అవతలి కన్ను పోతుంది. మా నాయనమ్మ ఫొటో ఒకదాంట్లో ముక్కుపుడక అద్భుతంగా వచ్చింది, నాయనమ్మ రాలేదు. ఎండలో స్టీలు గిన్నెలు తోమి బోర్లిస్తే వాటి అంచుల చుట్టూ ఊదారంగు గీత కూడా కనిపిస్తుంది. ఎఫ్ 2.8కి వచ్చేసరికి ఈ రెండు బాధలూ చాలామటుకు తగ్గాయి. ఇప్పుడు మనుషుల్ని అక్కడే తీస్తున్నాను, ఇద్దరుంటే ఎఫ్ 4.

మా ఇంట్లో గదులు పదికి పన్నెండు అడుగులు. నిలబడ్డ మనిషి తల నుంచి పాదాల దాకా రావాలంటే ఈ లెన్సుతో నాలుగు మీటర్లు వెనక్కి వెళ్లాలి. గోడకి ఆనుకున్నా కుదరదు. అమ్మ వంటగదిలో పనిచేసుకుంటున్న ఫొటోలు ఏడాదిలో చాలానే ఉన్నాయి గానీ వంటగది ఒక్కదాంట్లోనూ లేదు. అన్నీ చేతులు, పోపు, చీర కొంగు. మొదట్లో ఇది లోటనుకున్నాను, ఇప్పటికీ కొంచెం లోటే.

బయట మాత్రం ఇదే లోటు నాకు మేలు చేసింది. నేను పగలు ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను, సాయంత్రం రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తిరుగుతాను. జూమ్ ఉన్న రోజుల్లో మెట్ల మీద కూర్చుని ఇరవై మీటర్ల అవతలి మనుషుల్ని వాళ్లకి తెలియకుండా తీసేవాణ్ణి. ఫొటో బాగానే ఉండేది, అందులో ఉన్నవాళ్ల కళ్లు ఎప్పుడూ ఎటో చూసేవి. తల, భుజాలు నిండుగా రావాలంటే 50తో మీటరున్నర దగ్గరికి వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లాక పలకరించకపోతే తన్నులు తినాలి. నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే టెన్షన్. అందుకే మొదటి మూడు వారాల ఫొటోలు చూస్తే కుక్కలు, గ్లాసులు, దండెం మీద బట్టలు.

మొదట అడిగింది పడవ తాడు కట్టుకుంటున్న ఒక పెద్దాయన్ని. "తాతా, ఒక ఫొటో తీసుకోనా?" అంటే "దేనికి, ఆధార్‌కా?" అన్నాడు. నవ్వేశాను, ఆయనా నవ్వాడు, ఆ నవ్వే వచ్చింది. వెనకాల హేవలాక్ వంతెన మసగ్గా ఉంటుంది. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి ఇప్పుడు ఖాళీగా నిలబడ్డ వంతెన. ఫోకస్‌లో లేకపోయినా మా ఊరివాళ్లు ఆ కమ్ముల వరస గుర్తుపడతారు. వద్దన్నవాళ్లూ ఉన్నారు. కడియం నర్సరీలో బంతి మొక్కలకి నీళ్లు పెడుతున్న ఒకావిడ, జుట్టు దువ్వుకోలేదు రేపు రండి అంది. మర్నాడు వెళ్తే సెలవు పెట్టింది.

ఏడాది మొత్తంలో నాకు నచ్చిన ఫొటో ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒకావిడది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా బైకు మీద వెళ్లాను. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగడం, కళ్లు మూసి తెరిచేలోగా రేకు లేవడం. రేకుని ఆవిడ వేళ్లతో ఎత్తిన క్షణంలో తలుపులోంచి వచ్చే వెలుగు అందులోంచి దూరుతుంది, దాని వెనక ఆవిడ మొహం తెల్లటి నీడలా కనిపిస్తుంది. ఎఫ్ 2.8, 1/250. దానికి నలభై రేకులు పట్టాయి. మధ్యలో "ఫొటోలు తర్వాత బాబూ, ముందు ఒకటి తినండి, ఆయ్" అని చేతిలో పెట్టింది. లెన్సు మీద నెయ్యి వేలిముద్ర పడింది.

సరదా ప్రయోగాలకి దీన్ని నమ్ముకోవచ్చా అంటే, కొంతవరకే. ఇది 35 సెంటీమీటర్ల కన్నా దగ్గర ఫోకస్ అవదు. నీళ్ల మీద నూనె చుక్కలు, కింద పట్టుచీర పరిచి తీద్దామని నాలుగు వందలు పెట్టి మ్యాక్రో ట్యూబులు కొన్నాను, ఇంకా దగ్గర ఫోకస్ కోసం కెమెరాకీ లెన్సుకీ మధ్య తగిలించే ఖాళీ గొట్టాలు. తగిలిస్తే ఎపర్చర్ కదల్లేదు. కనీసం ఫోకస్ రింగైనా పనిచేస్తుందనుకుంటే అదీ లేదు. నా లెన్సులో రింగు తిప్పినా లోపల తిప్పేది మోటారే, దానికి కెమెరా నుంచి కరెంటు అందాలి, ఆ ట్యూబుల్లో తీగలే లేవు. కెమెరాని ముందుకీ వెనక్కీ జరుపుతూ, ఊపిరి బిగబట్టి వంద తీస్తే మూడు వచ్చాయి. తర్వాత లెన్సుకి కరెంటు అందించే కాంటాక్టులున్న ట్యూబు స్నేహితుడి దగ్గర అరువు తెచ్చుకుంటే పది నిమిషాల పని అయింది. చవక ట్యూబులు ఇప్పుడు మా మేనల్లుడికి దూరదర్శిని.

రాత్రిపూట వంతెనలకి మాత్రం బ్రహ్మాండం. ఎపర్చర్‌లో ఏడు రెక్కలు ఉన్నాయి కాబట్టి ఎఫ్ 11 దగ్గర ప్రతి దీపం చుట్టూ పద్నాలుగు కిరణాలు వస్తాయి. రోడ్ కం రైలు వంతెన దీపాల మీద పది సెకన్లు తెరిచి ఉంచి, ఆ సమయానికి రైలు వస్తే కిటికీలన్నీ కలిసి ఒకే పసుపు గీత అవుతాయి. రైలు ఎప్పుడూ మనం ట్రైపాడ్ మడిచాకే వస్తుంది.

జులై, ఆగస్టుల్లో గోదావరి పెరిగినప్పుడు గాల్లో తేమకి నా పాత జూమ్‌లో సాలెగూడులాంటి ఫంగస్ పట్టింది. వాడకుండా బ్యాగులో పడేసిన నా తప్పే. ఇప్పుడు లెన్సులన్నీ మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్‌తో, తేమ చూపే చిన్న మీటరుతో ఉంటున్నాయి. ముల్లు 40, 50 మధ్య ఉంటే చాలు. బియ్యం డబ్బాలో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, ఆ పొడి లెన్సులోకి పోతే మీకే తెలుస్తుంది.

పెళ్లిళ్లు, ఇరుకు ఇళ్లు, గుళ్ల మండపాలు తీయాలనుకునేవాళ్లు చిన్న సెన్సర్ కెమెరాకి ఇది మొదటి లెన్సుగా కొనొద్దు, 35 లేదా 24 చూసుకోండి. ఇంట్లో ఒక మూల, కిటికీ పక్కన మనుషుల్ని తీయాలనుకుంటే ఈ డబ్బుకి ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు.

డిసెంబరులో పూతరేకుల ఫొటో ప్రింటు వేయించి తీసుకెళ్లి ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసి, "బాగానే ఉంది గానీ మా ఆయనా పిల్లలూ కుండా అందరం ఒకదాంట్లో పడాలి బాబూ" అంది. ఈ వారం మళ్లీ వెళ్తున్నాను. 18-55 తుడిచి బ్యాగులో పెట్టాను.