క్రాస్నోగోర్స్క్-3తో తొమ్మిదేళ్లు: చాబీ తిప్పితే 25 సెకన్లు

పెళ్లి వీడియోలు తీసి బతికేవాణ్ని. హనుమకొండలో చిన్న ఆఫీసు, రెండు డిజిటల్ కెమెరాలు, ఒక డ్రోన్. ముహూర్తాలుంటే నిద్ర ఉండదు, మూఢం వస్తే పని ఉండదు. ఈ సమీక్ష మాత్రం ఆ పనికి ఏ విధంగానూ అక్కరకు రాని ఒక పాత సోవియట్ ఫిల్మ్ మూవీ కెమెరా, క్రాస్నోగోర్స్క్-3 (కే-3) గురించి.

2016 చివర్లో కరీంనగర్‌లో ఒక పాత ఫొటో స్టూడియో మూతపడుతుంటే, లైటు గొడుగులు చవకగా వస్తాయని పోయాను. గాజు బీరువా అడుగు అరలో ఇది కనపడింది. "పనిచేస్తదో లేదో నాకు తెల్వదన్నా, గొడుగులతోని తీస్కపో" అన్నాడు ఓనరు. నంబరు 89తో మొదలవుతుంది. ఆ ఫ్యాక్టరీ కెమెరాల్లో మొదటి రెండంకెలు తయారైన ఏడాదిని చెప్తాయి, అంటే 1989. హ్యాండిల్ తిప్పి బటన్ నొక్కితే కుట్టుమిషను లాగా సన్నగా నడిచింది. గొడుగుల సంగతి మర్చిపోయి దీన్ని తెచ్చుకున్నా. గొడుగుల కోసం మళ్లీ ఇంకోసారి పోవాల్సి వచ్చింది.

మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్‌లో, జెనిత్ స్టిల్ కెమెరాలు చేసిన కేఎంజెడ్ ఫ్యాక్టరీ సరుకు ఇది. 16 ఎంఎం ఫిల్మ్. నడవడానికి బ్యాటరీ అక్కర్లేదు, గడియారానికి ఇచ్చినట్టు లోపలి కమానుకు (స్ప్రింగుకు) చాబీ ఇయ్యాలి. నిండా ఇస్తే, సెకనుకు 24 ఫ్రేముల వేగంతో 25 సెకన్లు నడుస్తుంది. ముందు మీటియోర్ జూమ్ లెన్సు, 17 నుంచి 69 ఎంఎం, ఎఫ్ 1.9. 100 అడుగుల రీలు పడుతుంది. 16 ఎంఎంలో అడుగుకు 40 ఫ్రేములు కాబట్టి రీలంతా కలిపితే 4000 ఫ్రేములు, 2 నిమిషాల 46 సెకన్లు. మా పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లం ఘట్టానికే అంతకు పదింతలు తీస్తాం.

లెన్సు గురించి ఎక్కువ చెప్పను. బాగుంటుంది. ఎదురెండలో కొంచెం పాలిపోతుంది, చేతులు అడ్డం పెట్టుకుంటే సరి. లెన్సు బిగించే మౌంటు ఎం42 మర కావడంతో పాత జెనిత్ మీది హీలియోస్ 58 ఎంఎం లెన్సు కూడా దీనికి ఎక్కింది. ముఖాలు తీయడానికి నాకు అదే ఇష్టం.

అసలు కథ ఫిల్మ్ ఎక్కించడంలో ఉంది.

మొదటి రీలు 2017 సద్దుల బతుకమ్మ. పద్మాక్షి గుట్ట కింద, సందెవేళ. రంగు ఫిల్మ్, తక్కువ వెలుతురుకు పనికొచ్చే 500 స్పీడుది. ఇంటి దగ్గరే ఎక్కించుకుని పోయాను, ఇందులో ఏముంది లెమ్మని. నెల తర్వాత ముంబయి ల్యాబు నుంచి స్కాన్ వచ్చింది. మొదటి పదిహేను సెకన్లు బంగారం. ఆ తర్వాత తంగేడు పూలు, దీపాలు, పట్టు చీరలు అన్నీ వాన నీళ్లలో రంగులు కారినట్టు పైనుంచి కిందికి గీతలుగా సాగిపోయాయి. రీలు చివరిదాకా అంతే.

దాన్నే లూప్ పోవడం అంటారు. పళ్ల చక్రం ఆగకుండా తిరుగుతుంటుంది. లెన్సు వెనక బొమ్మ పడే గేటులో మాత్రం ఫిల్మ్ సెకనుకు 24 సార్లు ఆగాలి, 24 సార్లు కదలాలి. ఆగే దానికీ ఆగని దానికీ మధ్య సర్దుబాటు కోసం గేటుకు పైనా కిందా ఫిల్మ్‌ను కొంచెం వదులుగా, విల్లులా వంచి పెట్టాలి. ఆ వదులు తగ్గిందా, షట్టర్ తెరుచుకుని ఉండగానే ఫిల్మ్ కదిలిపోతుంది. బొమ్మ సాగిపోతుంది. ఆ సాయంత్రం కెమెరా చప్పుడు మధ్యలో మారింది, సన్నటి చప్పుడు పోయి టపటపమని కొట్టుకుంది. డప్పుల మోతలో నాకు వినపడలేదని చాలా రోజులు అందరికీ చెప్పుకున్నా. వినపడింది. పట్టించుకోలేదు.

ఆ తర్వాత మూడు నెలలు ప్రతి రాత్రీ పనికిరాని ఒక పాత రీలుతో సాధన. మొదట వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని, ఆఖరికి నల్ల సంచిలో చేతులు పెట్టి. "గంతసేపు ఎల్లిపాయ పొట్టు తీసినా ఇంట్లకు అక్కరకొస్తుండె" అన్నది మా ఆవిడ. నేను నేర్చుకున్న పద్ధతి ఇది. ఫిల్మ్ కొసను కత్తెరతో నిటారుగా కోయాలి, చిల్లు మధ్యలోంచి తెగకూడదు. తెగితే ఆ సగం చిల్లు పళ్లకు తట్టుకుంటుంది. ఇప్పుడొచ్చే ఫిల్మ్‌కు చిల్లులు ఒకవైపే ఉంటాయి, అవి పళ్లున్న వైపుకే రావాలి. ఎమల్షన్, అంటే బొమ్మ పడే పూత, లెన్సు వైపు చూడాలి. నేను వాడిన రంగు రీళ్లకు వెనక వైపు నల్లటి పూత ఉండేది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. గేటులోకి దించాక పై లూప్, కింది లూప్ రెండింట్లో నా చిటికెన వేలు దూరి కదలాలి, నా కొలత అదే. లూప్ మరీ పెద్దదైనా కష్టమే, మూతకు రాసుకుని గీతలు పడతాయి. ఖాళీ స్పూలుకు కొస తగిలించి రెండు చుట్లు చుట్టాక, మూత తెరిచే ఉంచి ఒక్క సెకను నడపాలి. లూపులు రెండూ ఒకేచోట నిలబడి సన్నగా వణకాలి. అవి అటో ఇటో పాకుతుంటే విప్పి మళ్లీ మొదటి నుంచి.

పట్టపగలే ఎక్కించుకునే స్పూలు ఇది. అలాగని నడి ఎండలో చేయొద్దు. మొదటి, చివరి అడుగులు ఎలాగూ వెలుతురు తగిలి నారింజ రంగుకు తిరుగుతాయి. అక్కడ ముఖ్యమైంది ఏదీ తీయకుండా చూసుకోవాలి. నేను మూత అంచుల చుట్టూ నల్ల టేపు కూడా వేస్తా.

ఈ కెమెరాలో పెద్ద లోపం, లూపులు దానంతట అదే వేయడానికి పెట్టిన ఆ రెండు వంపు రేకులు. ఫిల్మ్ ఎక్కాక అవి పక్కకు తప్పుకోవాలి. నా కెమెరాలో సగమే తప్పుకునేవి. రెండో రీలంతా నిలువునా ఒకే గీత, కరెంటు తీగ లాగిన ఆకాశంలా. ఈ బాధ నా ఒక్కడిదే కాదు, కే-3 వాడేవాళ్లలో చాలామంది ఆ రేకులు ఊడదీసి చేత్తోనే లూప్ వేస్తారు. నేనూ తీసేశా. అప్పటి నుంచి గీత లేదు. మర మేకులు, రేకులు చిన్న డబ్బాలో ఉన్నాయి, ఎప్పుడైనా అమ్మితే ఇచ్చేయడానికి.

ఇక గేటు శుభ్రం. 2018లో ఏనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాలు దించుతుంటే ఒక రీలు తీశా. వచ్చిన బొమ్మలో ఆకాశం అంచు నుంచి ఒక వెంట్రుక వేలాడుతూ ఊగుతున్నది. పత్తి నూగు. అది గేటు పై అంచున లేదు, కింద ఉన్నది. లెన్సు బొమ్మను తలకిందులు చేస్తుంది కదా, గేటులో కింద చిక్కిన చెత్త తెర మీద పైన కనపడుతుంది. నేను పై అంచునే తుడుచుకుంటూ కూర్చున్నా. ఇప్పుడు ప్రతి రీలుకూ ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తటి బ్రష్‌తో, ఫిల్మ్‌ను గేటుకు అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు తుడుస్తా. ఎండిన ఎమల్షన్ పొట్టు అతుక్కుంటే వెదురు టూత్‌పిక్‌తో మెల్లగా గీకాలి. గుండుసూది, బ్లేడు లాంటి ఇనుప వస్తువు దగ్గరికి కూడా రానీయొద్దు. ప్లేటు మీద పడ్డ ఒక్క గీటు ఆ తర్వాతి ప్రతి రీలు మీదా పడుతుంది. మిర్చి యార్డులోకి మాత్రం ఈ కెమెరాను తీసుకుపోలేదు. తుమ్ముతూ ఫోకస్ పట్టడం నా వల్ల కాదు.

2019లో కమాను నడక మారింది. మొదట్లో వేగం, చివరి ఐదు సెకన్లు నీరసం. సినిమా కెమెరా మెకానిక్ కోసం హైదరాబాద్‌లో వెతికితే, ఒకాయన తీసుకుని నెలన్నర పెట్టుకుని తెరవకుండానే తిరిగిచ్చాడు. ఇక్కడే చౌరస్తా దగ్గర గడియారాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. ఆయనకు చూపించా. కంటికి అద్దం పెట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని రెండు నిమిషాలు విన్నాడు. "గిది గడియారమే బిడ్డా, జర పెద్దగున్నది గంతే" అన్నాడు. లోపల పాత నూనె జిగురుగా గట్టిపడిందట. అంతకు ముందు నేను కుట్టుమిషను నూనె పోసిన సంగతి చెప్తే తిట్టాడు: "నూనె ఎక్కువైతే యంత్రం నడ్వది, ఈదుతది." కమాను డబ్బా మాత్రం తెరవలేదు, అది విప్పుకుంటే వేళ్లు పోతాయన్నాడు. గేర్లు శుభ్రం చేసి, సూది మొనతో గడియారం నూనె చుక్కలు పెట్టాడు. ఆయన చెప్పినట్టే ఇప్పుడు పని అయ్యాక కమాను పూర్తిగా వదిలేసి దాస్తా. బిగించి పెడితే కమాను అలసిపోతుంది. రెండు నెలలకోసారైనా ఫిల్మ్ లేకుండా నెమ్మది వేగంలో కాసేపు నడుపుతా.

కెమెరాలో ఉన్న వెలుతురు మీటరును నమ్మకండి. దాంట్లో పట్టే 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ ఇప్పుడు దొరకదు, 1.5 వోల్టులది వేస్తే తప్పు చూపిస్తుంది. నేను బ్యాటరీ అసలు వేయను, చేతి మీటరు వాడతా. గుండ్రంగా తిరిగే షట్టర్ తెరుపు 150 డిగ్రీలు కాబట్టి 24 ఫ్రేముల దగ్గర ఎక్స్‌పోజర్ దాదాపు సెకనులో 60వ వంతు. దీన్ని మన ఎండతో కలిపి లెక్కేస్తే కథ అర్థమవుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం వరంగల్ కోటలో కీర్తి తోరణం దగ్గర 250 స్పీడు ఫిల్మ్ వేస్తే ఎఫ్ 22 కూడా చాలదు, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు ఉండాల్సిందే. 50 స్పీడు ఫిల్మ్ అయితే ఎఫ్ 16 దగ్గర హాయిగా నిలబడుతుంది. ఎండాకాలమంతా నేను అదే వాడతా.

25 సెకన్ల సంగతి మేడారంలో తెలిసొచ్చింది. 2018 జాతర, జంపన్న వాగు. స్నానాలు, పూనకాలు, నెత్తిన బెల్లం ముద్దలు. అమ్మవార్లకు ఇచ్చే ఆ బెల్లాన్నే అక్కడ బంగారం అంటారు. డిజిటల్ అలవాటుతో బటన్ నొక్కి పట్టుకున్నా. సరిగ్గా ఒక ముసలమ్మ వాగులోంచి లేచి రెండు చేతులూ పైకెత్తే క్షణాన కెమెరా ఆగిపోయింది. చాబీ తిప్పే లోపు ఆమె జనంలో కలిసిపోయింది. అప్పటి నుంచి ప్రతి షాటుకూ ముందు నిండా చాబీ. పది సెకన్లు తీస్తే చాలు, మళ్లీ చాబీ. 2020 జాతరకు పోయేటప్పటికి ఆ తిప్పుడు చేతికి వచ్చేసింది. ఎవరితోనో మాట్లాడుతూ కూడా చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. బెల్లం చేతులతో మాత్రం హ్యాండిల్ పట్టుకోకండి, ఆ జిగురుకు దుమ్ము అతుక్కుంటే వదలగొట్టడం నరకం.

మన వాతావరణం దీనికి పడదు. ఫిల్మ్ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన, గాలి దూరని డబ్బాలో ఉంటుంది. తీసిన వెంటనే మూత తెరిస్తే చెమ్మ పడుతుంది, ముందు రాత్రే బయట పెట్టుకోవాలి. మే నెలలో కారులో వదిలేసిన రీలు ఒకటి పొగ పట్టినట్టు వచ్చింది. వానాకాలంలో లెన్సుకు బూజు భయం, అందుకే బిగుతు డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెడతా.

నలుపు తెలుపు రీళ్లు ఇంట్లోనే కడుగుతా (డెవలప్ చేస్తా). రష్యన్ లోమో ట్యాంకులో రెండు చుట్లు, ఒక్కోదాంట్లో 50 అడుగులు పడుతుంది. అంటే రీలును చీకట్లో సగానికి కోయాలి, ఆ కోత ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. మే నెలలో మా ట్యాంకు నీళ్లతో అన్నం ఉడుకుతుంది, ఫిల్మ్ కడిగే మందు 20 డిగ్రీలకు రావాలంటే బకెట్ నిండా ఐసు కావాలి. రంగు ఫిల్మ్ జోలికి పోను. ల్యాబుకు విమానం పార్సిల్‌లో పంపితే ఎక్స్‌రే పడి ఫిల్మ్ పాడవుతుందని రైల్లో ఎవరైనా పోతుంటే చేతికిచ్చి పంపుతా. ఖర్చు అడగొద్దు. రీలు, కడగడం, స్కానింగ్ కలిపితే మా ఆఫీసు కిరాయికి దగ్గర పడుతుంది.

కొనాలనుకుంటే మూత తెరిచి నడిపి వినండి. చివరిదాకా ఒకే చప్పుడు ఉండాలి. అద్దం షట్టర్ మీద గీతలున్నాయేమో టార్చి వేసి చూడండి. తోలు చిరిగిందా, పెయింటు పోయిందా అన్నది వదిలేయండి. సౌండు రికార్డింగుతో సంభాషణలు తీయాలనుకుంటే ఇది మీ కెమెరా కాదు, ఆ మోత ప్రతి మాటలోనూ ఉంటుంది.

మా అక్క కొడుకు రెండు నెలలుగా వస్తున్నాడు నేర్చుకోవడానికి. పాత రీలే ఇస్తున్నా. "మామా, అసలు రీలు ఎప్పుడిస్తవ్?" అని రోజూ ఒకటే గోల. నిన్న రాత్రి నల్ల సంచిలో ఎక్కించి, మూత పెట్టి, సంచిలోంచి తీసి బటన్ నొక్కాడు. మూడు సెకన్లు సన్నగా నడిచింది, తర్వాత టప్ మన్నది. నేను నోరు తెరిచే లోపే వేలు తీసేసి మూత విప్పాడు. కింది లూప్ లేదు.