సేఫ్టీ షూ టోక్యాప్: స్టీల్ నుంచి కాంపోజిట్‌కి మారాక ఎనిమిది నెలల వాడకం

నేను మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. రోజుకి తొమ్మిది పది గంటలు సేఫ్టీ షూలోనే ఉంటాను, అందులో సగం సేపు మోకాలి మీదో గొంతుక్కూర్చునో పని. అందుకే ఈ రివ్యూలో తోలు క్వాలిటీ, లేసులు, రంగు లాంటివాటి మీద ఎక్కువ రాయను. షూ ముందు భాగంలో కనపడకుండా ఉండే ఆ గట్టి గిన్నె, అదే టోక్యాప్, దాని గురించే రాస్తాను. షూలో నాకు బాధ పెట్టినదీ అదే, వేళ్లు కాపాడినదీ అదే. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒకే కంపెనీలో ఒక మోడల్‌కి ఒకరకం క్యాప్, ఇంకో మోడల్‌కి ఇంకోరకం క్యాప్ వేస్తారు. పేరు చూసి కొంటే మీకు వేరే క్యాప్ రావచ్చు, అప్పుడు నేను రాసిందంతా వృథా.

ముందు పాత జత సంగతి. అది స్టీల్ టో. రెండేళ్లు వాడాను. ఒకరోజు బెంచి మీద నుంచి 12 కిలోల పైపు ఫ్లాంజ్ జారి నేరుగా నా ఎడమ కాలి మీద పడింది, బెంచి ఎత్తు 90 సెంటీమీటర్లు. టంగ్‌మని చప్పుడు, కాలు ఒక్క క్షణం మొద్దుబారిపోయింది, గుండె గబగబా కొట్టుకుంటుంటే షూ విప్పి చూసుకున్నాను. ఐదు వేళ్లూ కదులుతున్నాయి. బొటనవేలి గోరు కూడా నల్లబడలేదు. ఆ సాయంత్రం కూర్చుని లెక్క వేస్తే ఆ దెబ్బ సుమారు 106 జౌల్స్ (దెబ్బలో ఉన్న శక్తిని కొలిచే యూనిట్) అని తేలింది.

ఆ నంబరు ఎందుకు ముఖ్యమో చెప్తాను. సేఫ్టీ షూలకి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 20345. అందులో టోక్యాప్ 200 జౌల్స్ దెబ్బని తట్టుకోవాలి, అంటే 20 కిలోల ఇనుప దిమ్మని సుమారు ఒక మీటరు ఎత్తు నుంచి క్యాప్ మీద పడేస్తారు. దాంతోపాటు 15 కిలోన్యూటన్ల నొక్కుడు, అంటే దాదాపు ఒకటిన్నర టన్ను బరువు మెల్లగా మీదకొచ్చినట్టు, దాన్ని కూడా తట్టుకోవాలి. ఐఎస్ఓ 20346 అని ఇంకోటి ఉంది, దానిలో ఇవి 100 జౌల్స్, 10 కిలోన్యూటన్లు. ఇక 20347 అని రాసి ఉంటే అందులో టోక్యాప్ ఉండాలన్న నిబంధనే లేదు. మూడు నంబర్లూ ఒకేలా కనపడతాయి, షూలు కూడా బయటి నుంచి ఒకేలా ఉంటాయి. నా ఫ్లాంజ్ దెబ్బ 106. అంటే నేను వేసుకున్నది 20346 షూ అయ్యుంటే దాని పరీక్ష హద్దు దాటిపోయిన దెబ్బ అది. కాబట్టి షూ నాలుక లోపలి లేబుల్ మీద ఆ చివరి అంకె ఏమిటో చూసే వరకు కౌంటర్ దగ్గరికి వెళ్లకండి.

దెబ్బ తిన్న జతని మళ్లీ వేసుకోకూడదు, బయటికి బాగానే కనపడినా సరే. నేను ఆ ఎడమ షూని కోసి చూశాను. పైతోలు కత్తితో కోసి, అతికిన లైనింగ్ లాగేస్తే క్యాప్ బయటపడింది. వంగిన పలక లాంటి స్టీలు ముక్క, మీద నల్లటి పూత, లోపలివైపు సైజు నంబరు, ఎడమ కాలు అని గుర్తు. పైన బొటనవేలి దగ్గర సొట్ట, అంగుళం వెడల్పున. కింద చుట్టూ లోపలికి మడిచిన అంచు ఉంది, అది ఇన్‌సోల్‌కీ బయటి సోల్‌కీ మధ్య కూర్చుంటుంది. పైన పడ్డ బరువు వేళ్ల మీదకి రాకుండా ఆ మడత గుండా సోల్‌లోకి, అక్కడి నుంచి నేలలోకి వెళ్లిపోతుంది. క్యాప్ పని మొత్తం ఇంతే, చిన్న వంతెన లాంటిది. అందుకే కింద సోల్ మెత్తబడి విడిపోతున్న షూలో ఎంత గట్టి క్యాప్ ఉన్నా నమ్మకం పెట్టుకోకండి, వంతెన బాగుండి స్తంభాలు కూరుకుపోయినట్టే.

అయితే ఈ జత మీద నాకు కృతజ్ఞత ఎంత ఉందో కోపం కూడా అంత ఉంది. రెండేళ్లపాటు గొంతుక్కూర్చున్న ప్రతిసారీ క్యాప్ వెనక అంచు నా బొటనవేలి కీలు పైన గుచ్చుకునేది. మొదట ఎర్రగా గీత పడేది, తర్వాత అక్కడ కాయ కాసింది. ‘వాడే కొద్దీ లూజవుతుంది’ అని షాపులో చెప్పారు, నేనూ నమ్మాను. తోలు లూజవుతుంది, కాలి ఆకారానికి సర్దుకుంటుంది, క్యాప్ మాత్రం కొన్న రోజు ఎలా ఉందో పారేసే రోజూ అలాగే ఉంటుంది. దెబ్బ తగిలితే తప్ప దాని ఆకారం మారదు, మారకూడదు కూడా. కోసి చూసినప్పుడు అసలు కారణం తెలిసింది. వెనక అంచు కింద రావాల్సిన మెత్తటి పట్టీ సరిగ్గా అంచు దగ్గరే ఆగిపోయింది, ఒక మిల్లీమీటరు కూడా దాటి రాలేదు. ఆ తయారీదారు అక్కడ కాస్త లైనింగ్ మిగుల్చుకుని ఉంటారు, దానికి నా కాలు రెండేళ్లు ఇబ్బంది పడింది. బాధ తట్టుకోలేక లేసులు వదులుగా కట్టుకుని తిరిగేవాళ్లని, భోజనం తర్వాత షూ పక్కన పెట్టేసి చెప్పులతో మెషిన్ దగ్గరికి వచ్చేవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్లని అందరూ తిడతారు. ఆ క్యాప్ డిజైన్ చేసినవాళ్లని కూడా ఒక మాట అనాలి.

ఇప్పుడు కొత్త జత. ఇది కాంపోజిట్ టో, గ్లాస్ ఫైబర్ కలిపిన ప్లాస్టిక్‌ని అచ్చులో పోసి చేసిన క్యాప్. ప్రమాణం అదే 20345, అదే 200 జౌల్స్. కాంపోజిట్ అంటే తక్కువ రక్షణ అనే భయం ఉంటే వదిలేయండి, దానికి పరీక్షలు తక్కువేం కాదు. పైగా లోహం కాని క్యాప్‌లని వేడిలో, చలిలో, ఆసిడ్, ఆల్కలీ, ఫ్యూయల్ ఆయిల్‌లలో ఉంచి తీశాక కూడా కొట్టి చూస్తారు, ఎందుకంటే స్టీలుకి తుప్పు భయమైతే ప్లాస్టిక్‌కి ఇవి భయం.

వేసుకున్న మొదటి రోజే తేడా తెలిసింది, బరువులో కాదు. అవును, బరువు తగ్గింది, మెట్లు ఎక్కేటప్పుడు తెలుస్తుంది, కానీ అందరూ చెప్పేంత పెద్ద విషయం కాదది. అసలు తేడా ఆకారంలో ఉంది. పాత క్యాప్ మధ్యలో గుండ్రంగా, ఎటు చూసినా ఒకేలా ఉండేది. మన కాలు అలా ఉండదు కదా, బొటనవేలి వైపు పొడుగ్గా ఎత్తుగా, చిటికెనవేలి వైపు వాలుతూ ఉంటుంది. ఈ కొత్త క్యాప్ అలాగే ఉంది, బొటనవేలి దగ్గర నిటారుగా లేచి, చిటికెనవేలి వైపు వెనక్కి వంపు తిరిగింది. వేళ్లు లోపల విసనకర్రలా విప్పుకోగలుగుతున్నాను. వెనక అంచు దగ్గర లైనింగ్ కింద మెత్తటి రబ్బరు లాంటి పట్టీ ఉంది, అంచు ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి తడిమినా వెంటనే తెలియదు, గట్టిదనం మెల్లగా మెత్తబడుతూ పోతుంది. ఎనిమిది నెలల్లో గొంతుక్కూర్చున్నప్పుడు ఒక్కసారి కూడా గుచ్చుకోలేదు. పాత కాయ పూర్తిగా పోలేదు కానీ నొప్పి లేదు.

లోపల ఖాళీ గురించి ఒక ముఖ్యమైన మాట. ల్యాబ్‌లో క్యాప్ విరగలేదని చూసి వదిలేయరు, దెబ్బ పడిన క్షణంలో పైకప్పు ఎంత కిందకి దిగిందో చూస్తారు. దానికోసం లోపల బంకమట్టి ముద్దని స్తంభంలా నిలబెడతారు. దిమ్మ పడగానే క్యాప్ ఎంత దిగితే మట్టి అంత అణుగుతుంది, తర్వాత క్యాప్ పైకి లేచినా మట్టి లేవదు. మిగిలిన మట్టి ఎత్తు యూరోపియన్ 41, 42 సైజుల్లో కనీసం 14 మిల్లీమీటర్లు ఉండాలి, 45, ఆపైన అయితే 15. ఇది తెలిశాక నేను పిల్లలు ఆడుకునే బంకమట్టి తెచ్చి, కొయ్యక ముందు పాత షూలో సొట్ట కింద కూరి, తీసి వెర్నియర్‌తో కొలిచాను. 19 వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను, కానీ అది దెబ్బ అయిపోయాక మిగిలిన ఎత్తు మాత్రమే, దెబ్బ పడిన ఆ క్షణంలో ఇంకా కిందకి దిగి కొంచెం లేచి ఉంటుంది.

కాంపోజిట్‌తో జాగ్రత్త పడాల్సింది సరిగ్గా ఇక్కడే. స్టీలు సొట్ట పడి చెప్తుంది, ‘నా పని అయిపోయింది, నన్ను మార్చు’ అని. కాంపోజిట్ అలా చెప్పదు. దెబ్బకి దిగి మళ్లీ స్ప్రింగులా లేచి, బయటికి ఏమీ కానట్టు కనపడుతుంది, లోపల మాత్రం ఫైబర్లు చిట్లి ఉండొచ్చు. రెండో దెబ్బకి అది 200 జౌల్స్ ఆపుతుందని ఎవరూ చెప్పలేరు. మీరు కాంపోజిట్ వేసుకునేవాళ్లయితే, కాలి మీద బరువైనది పడిన రోజే ఆ జత పక్కన పెట్టండి, కొత్తది కదా అని చూడొద్దు. మా దగ్గర జూనియర్లకి ఇదే గట్టిగా చెప్తున్నాను.

ఈ జతలో నచ్చనివి కూడా ఉన్నాయి. స్టీలంత బలం రావాలంటే ప్లాస్టిక్ మందంగా ఉండాలి, కాబట్టి షూ ముందు భాగం ఉబ్బుగా ఉంటుంది. నిచ్చెన మెట్ల మధ్య ఇరుకు ఉన్నచోట, ఫోర్క్‌లిఫ్ట్ పెడల్ మీద కాలు పెట్టినప్పుడు మొదటి రెండు వారాలు ముక్కు తగులుతూ ఉండేది, తర్వాత అలవాటైంది. మోకాలి మీద పని చేసినప్పుడు షూ ముక్కు నేలకి రాసుకుంటుంది, అక్కడ తోలు అప్పుడే తెల్లబడి పోగులు లేచింది. క్యాప్ మీద బయట రబ్బరు లేదా పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత ఉన్న మోడల్ కూడా ఉందట, అది తీసుకుని ఉండాల్సింది. మోకాళ్ల మీద పని చేసేవాళ్లు ఆ పూత ఉన్నదే తీసుకోండి.

మరి స్టీల్ పనికిరాదా? అలా కాదు. స్టీల్ క్యాప్ పల్చగా ఉండి అదే బలం ఇస్తుంది, షూ నాజూగ్గా ఉంటుంది, దెబ్బ తగిలితే కనపడుతుంది. ఇరుకులో పని చేసేవాళ్లకి, బరువులు తరచూ మీదపడే చోట ఉన్నవాళ్లకి నేను మంచి ఆకారం ఉన్న స్టీల్ క్యాప్ తీసుకోమనే చెప్తాను. మెటల్ డిటెక్టర్ గుండా రోజూ వెళ్లేవాళ్లకి, కోల్డ్ స్టోరేజీలో పని చేసేవాళ్లకి కాంపోజిట్ సుఖం. స్టీల్ టో మీద పెద్ద బరువు పడితే అంచు వంగి వేళ్లు తెగిపోతాయి, అది లేకపోవడమే మంచిది అనే మాట మీరూ వినే ఉంటారు. క్యాప్ నలిగిపోయేంత బరువు పడితే, క్యాప్ లేని కాలు అంతకంటే ముందే నుజ్జయిపోతుంది. ఆ మాట నమ్మి మామూలు బూట్లు వేసుకుని రాకండి, దయచేసి.

కొనేటప్పుడు ఏం చేయాలంటే, సాయంత్రం వెళ్లండి, అప్పటికి కాళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయి. పనిలో వేసుకునే మందపాటి సాక్స్ తీసుకెళ్లండి. రెండు షూలూ వేసి లేసులు గట్టిగా కట్టి, నిలబడి చూసి ఊరుకోకుండా గొంతుక్కూర్చోండి, ఒక నిమిషం అలాగే ఉండండి. వెనక అంచు తగిలితే అక్కడే తెలిసిపోతుంది, ఆ జత వద్దు. తర్వాత మెట్లు దిగండి. వేళ్లు ముందుకి జారి క్యాప్ గోడకి కొట్టుకుంటే షూ పొడుగు ఎక్కువైనా అయ్యుండాలి, లేసులు కాలిని పట్టుకోకపోయినా అయ్యుండాలి. ఇరుకుగా ఉందని ఒక సైజు పెంచడం మందు కాదు, ఎందుకంటే వరుసగా ఉండే రెండు సైజులకి ఒకే క్యాప్ వేయడం మామూలే. పొడుగు పెరుగుతుంది, వేళ్ల దగ్గర వెడల్పు అలాగే ఉంటుంది. వెడల్పు ఫిట్టింగ్ ఉందా అని అడగండి, లేదంటే వేరే మోడల్ చూడండి. చివరగా చెయ్యి లోపల పెట్టి క్యాప్ వెనక అంచు అంతా ఒక చివర నుంచి ఇంకో చివర వరకు తడమండి, ముఖ్యంగా బొటనవేలి వైపు, చిటికెనవేలి వైపు మూలల్లో.

నా జతలో లైనింగ్ కుడి బొటనవేలి గోరు రాసుకునే చోట కొంచెం నునుపెక్కింది, ఇంకా చిరగలేదు. వారానికోసారి ఇన్‌సోల్ తీసి ఆరబెట్టేటప్పుడు అక్కడ వేలు పెట్టి చూసుకుంటున్నాను. చిరిగి క్యాప్ చేతికి తగిలిన రోజున కొత్త జత కొంటాను, ఇదే ఆకారం క్యాప్, ముక్కు మీద పూత ఉన్నది.